కుడి చెంప మీద మచ్చ

నా రివ్యూలో చివరి పేరా ఎడిటర్ తీసేశాడు. నేను ఎదురుగా కూర్చుని ఉండగానే, కంప్యూటర్లో ఒక్క మీట నొక్కి మాయం చేసి, ఇప్పుడు చదివితే ఎంత హాయిగా ఉందో చూడమన్నాడు.

అరికాలి మంట నెత్తికెక్కింది.

పగలు కాలేజీలో కెమిస్ట్రీ చెబుతాను. మిగిలిన టైములో ఈ వారపత్రికకు పుస్తకాల మీద రాస్తాను. ఈ వారం 'బూడిద తర్వాత' ఏడో భాగం వంతు. అది జపాన్ నుంచి వచ్చిన మాంగా, అంటే బొమ్మల్లో నడిచే నవల. లోకమంతా బూడిదైపోయాక మిగిలిన గుప్పెడు మంది సబ్బు, గాజు, మందులు, కరెంటు అన్నీ మళ్లీ మొదటి నుంచి తయారు చేసుకుంటూ బతుకుతారు. నాయిక సైన్సు తెలిసిన మనిషి. చెంప మీద కాలిన మచ్చ ఉంటుంది కాబట్టి అభిమానులు ఆమెను మచ్చక్క అని పిలుచుకుంటారు.

కథ బాగుందనే రాశాను. ఆకలితో ఉన్నవాళ్లు గాజు ఊదడం నేర్చుకునే ఘట్టం చదువుతూ టీ చల్లారబెట్టుకున్నానని కూడా రాశాను. ఎడిటర్ వాటి జోలికి పోలేదు. తీసేసిన పేరా వేరే సంగతి.

మాంగాని కుడి నుంచి ఎడమకు చదవాలి. మనవాళ్లకు ఆ అలవాటు లేదని ఇక్కడి పబ్లిషర్ ప్రతి పేజీనీ అద్దంలో బింబంలా తిప్పి అచ్చు వేశాడు. అసలు పుస్తకంలో మచ్చక్క మచ్చ కుడి చెంప మీద ఉంటే, మన దాంట్లో ఎడమ చెంప మీదకు వచ్చింది. దాంతో ఎవరికీ నష్టం లేదు. కానీ బ్యాటరీ తయారు చేసే చోట ఒక పేజీలో యాసిడ్ సీసా మీద ఇంగ్లీషు అక్షరాల్లో ఫార్ములా ఉంది. తిప్పితే అక్షరాలు తిరగబడి నవ్వులపాలవుతాయని ఆ ఒక్క పేజీని ఉన్నదున్నట్టు వదిలేశారు.

ఆ పేజీలో మాటల్లేవు. ఉన్నవి రెండే బొమ్మలు. కుడి బొమ్మలో మచ్చక్క మట్టి జాడీలో నీళ్లు పోస్తుంది. ఎడమ బొమ్మలో అదే జాడీలో యాసిడ్ పోస్తుంది. కుడి నుంచి చదివితే ముందు నీళ్లు, తర్వాత యాసిడ్. మనవాళ్లు ఎడమ నుంచి చదువుతారు. వాళ్లకు ముందు యాసిడ్, దాని మీద నీళ్లు. చిక్కటి యాసిడ్ మీద నీళ్లు పోస్తే అవి పడ్డచోటే మరిగి, యాసిడ్‌ను పోసినవాళ్ల మొహం మీదకే చిమ్ముతాయి.

ఈ సంగతి రాస్తే ఎడిటర్‌కు నచ్చలేదు. ఇది పుస్తక సమీక్ష, ల్యాబ్ పరీక్ష కాదన్నాడు. బొమ్మల పుస్తకం చూసి యాసిడ్ కలిపే పిచ్చివాళ్లు ఎవరుంటారన్నాడు. కందకు లేని దురద కత్తికెందుకని సామెత కూడా చెప్పాడు. చర్చ ముగిసిందన్నట్టు ఒక ఆహ్వాన పత్రం నా ముందుకు తోశాడు.

ఏడో భాగం ఆవిష్కరణ సభ. ఈ రోజే, ఇంకో గంటలో. 'మచ్చక్క బ్యాటరీ మీ కళ్ల ముందే' అని పెద్ద అక్షరాల్లో ఉంది. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు అభిమానుల క్లబ్బు ప్రెసిడెంట్ స్టేజి మీద చేసి చూపిస్తారట. పక్కనే ఆమె ఫొటో. పొడుగాటి కోటు, ఎడమ చెంప మీద రంగుతో వేసుకున్న మచ్చ, మచ్చక్కకు ఉన్నట్టే అద్దాలు ఊడిపోయిన కళ్లజోడు ఫ్రేము.

ఆ ఫ్రేములోంచి మా చెల్లెలు నన్ను చూసి నవ్వుతోంది.

చెల్లెలు కళ్లజోళ్ల షాపులో పని చేస్తుంది. మొదటి భాగం మీద నేను రివ్యూ రాసినప్పటి నుంచి నాతో మాటల్లేవు. ఈ పుస్తకం వెంటపడేవాళ్లకు సైన్సు మీద కన్నా ఆ కోటు మీద మోజెక్కువని అందులో రాశాను. క్లబ్బంతా నవ్వులపాలైందని చెల్లెలు నా నంబరు బ్లాక్ చేసింది. మా ఇద్దరి మధ్య కబుర్లు మోయడం అమ్మ పనైపోయింది.

ఎడిటర్ బల్ల మీది ఫోన్‌తో చేశాను. ఎత్తింది. "చిన్నీ" అనగానే పెట్టేసింది.

సభ జరిగే హాలుకు పరుగున వెళ్తే గుమ్మంలోనే పబ్లిషర్ ఎదురయ్యాడు. పేజీ తెరిచి చూపిస్తే నవ్వి, భుజం మీది కండువా సర్దుకున్నాడు. స్టేజి మీద యాసిడ్ పెట్టడానికి తనేమైనా వెర్రివాడా అన్నాడు. సీసాలో రంగునీళ్లట, బల్బు కింద దాచిన సెల్లుతో వెలుగుతుందట. మరి పుస్తకం కొని ఇంటికి తీసుకెళ్లినవాళ్ల మాటేమిటని అడిగాను. రెండో ముద్రణలో చూద్దామన్నాడు. అది ఎప్పుడంటే పుస్తకం మూసి నా చేతిలో పెట్టాడు. నోటికొచ్చినట్టు నాలుగు తిట్టి బయటికి నడిచాను. చెల్లెలికి ప్రమాదం లేదు, అంతవరకు చాలనుకున్నాను.

టీ కౌంటర్ దగ్గర క్లబ్బు సెక్రటరీ చుట్టూ పదిమంది మూగి ఉన్నారు. కొరియర్ ఆఫీసులో పనిచేసే కుర్రాడు, ఇంకా ఆ యూనిఫాంలోనే ఉన్నాడు. వాడి గొప్పలు నా చెవిన పడ్డాయి.

"పబ్లిషర్ గారు రంగునీళ్లిచ్చి మనల్ని జోకర్లను చేద్దామనుకున్నాడు. మా ప్రెసిడెంట్ వింటుందా? సింకులో పారబోయించింది. మచ్చక్క ఏనాడైనా దొంగ సైన్సు చేసిందా అంది. అసలు సరుకు నేనే తెచ్చిపెట్టా."

అందులో నీళ్లు కలిపి ఉన్నాయా అని అడిగాను.

"అబ్బే, సీలు కూడా తియ్యలేదు మేడం. గ్యారంటీ సరుకు."

వెనక్కి పరిగెత్తాను. పబ్లిషర్ మనుషులిద్దరు తలుపు దగ్గర చేతులు అడ్డం పెట్టారు. చేతుల కింద నుంచి దూరి లోపల పడ్డాను. హాలు కిటకిటలాడుతోంది, సగం మంది కోట్లలో ఉన్నారు. స్టేజి మీద బల్ల, బల్ల మీద మట్టి జాడీ. పక్కన యాసిడ్ సీసా ఖాళీగా ఉంది. చెల్లెలి చేతిలో నీళ్ల చెంబు. జాడీలోకి వంగి చూస్తోంది, కళ్ల ముందు ఆ అద్దాల్లేని ఫ్రేముతో.

ఆగమని అరుస్తూ స్టేజి ఎక్కాను. నన్ను గుర్తుపట్టినవాళ్లు ఈలలు వేశారు. ఎవరో చెప్పు చూపించారు. చెల్లెలు చెంబు దించలేదు. మైకు నోటికి దగ్గరగా లాక్కుంది.

"రా అక్కా, నీ కోసమే చూస్తున్నాం. దీనికి ఎన్ని మార్కులేస్తావ్?"

హాలు గొల్లుమంది. అప్పుడు కెమిస్ట్రీ చెబితే వినేవాళ్లు లేరు. నేను చెప్పే ఏ మాటా మా చెల్లెలు నమ్మదు. ఆమె నమ్మేది ఒక్కరినే.

"మచ్చక్కకు మచ్చ ఏ చెంప మీద?" అన్నాను.

"అది కూడా తెలియకుండానే రివ్యూలు రాస్తున్నావా?"

ఎడమ చెంప అని హాలంతా ఒక్క గొంతుతో చెప్పింది.

"నువ్వు చూసి చేస్తున్న పేజీలో ఏ చెంప మీద ఉందో చూడు. ఆ చెంబు కింద పెట్టి చూడు."

చెంబు కింద పెట్టలేదు. ఎడమ చేత్తో పట్టుకునే, కుడి చేత్తో బల్ల మీది పుస్తకం తిప్పింది. వెనక పేజీ చూసింది. ముందు పేజీ చూసింది. మళ్లీ ఆ పేజీకి వచ్చింది. ఆరు భాగాలూ కంఠతా వచ్చిన మనిషి, ఈ ప్రదర్శన కోసం ఎన్నోసార్లు చూసి ఉంటుంది ఆ బొమ్మను. ఆమె వేలు మచ్చ మీద ఆగింది. తర్వాత మెల్లగా రెండో బొమ్మ మీదకు జరిగింది. అక్కడి నుంచి మళ్లీ మొదటి దానికి, ఈసారి కుడి నుంచి ఎడమకు.

చెంబును జాడీకి దూరంగా, నేల మీద పెట్టింది. జాడీ మీద పింగాణీ పళ్లెం మూసింది. రెండు చేతులూ పళ్లెం మీదే అదిమి ఉంచింది. అది భయం అనుకున్నాను. మొహం చూశాక తెలిసింది, కోపం.

"ఈ ఒక్క పేజీ కుడి నుంచి ఎడమకు చదవాలి" అంది మైకులో. "ఇలా చేసి ఉంటే ఇప్పుడు నాకు కళ్లుండేవి కావు. పబ్లిషర్ గారూ, మీకు ఈ సంగతి తెలుసా?"

పబ్లిషర్ కండువా సర్దుకున్నాడు. తెలుసని, గుమ్మంలో పేజీ తెరిచి చూపించానని నేను చెప్పాను. మైకు ఆగిపోయింది. ఎవరు ఆపించారో అందరూ చూశారు. పబ్లిషర్ స్టేజి ముందుకు వచ్చి, ఇదంతా సరదాగా అల్లిన నాటకమని, టీ తయారుగా ఉందని ప్రకటించాడు. అభిమానులు కథను కథలా చూస్తారని, ఇంటికెళ్లి ఇలాంటివి చేసేంత తెలివితక్కువవాళ్లు ఇక్కడ ఒక్కరూ లేరని చెప్పాడు.

చెల్లెలు మైకు వదిలేసి స్టేజి అంచుకు వచ్చింది.

"ఇంటికెళ్లి చేద్దామనుకున్నవాళ్లు చేతులెత్తండి."

మొదట ఎవరూ ఎత్తలేదు. ముందు వరసలో ఒక నర్సు, డ్యూటీ బట్టల్లోనే ఉంది, తల దించుకుని చెయ్యెత్తింది. ఆమె వెనక ఒక తండ్రి, అతని కూతురు. గోడ వారగా నిలబడ్డ సెక్రటరీ. తర్వాత ఒక వరస మొత్తం. పబ్లిషర్ మొహంలో రంగు దిగిపోయింది. చేతులు దించమన్నాడు. గట్టిగా చెప్పాడు. ఎవరూ దించలేదు.

చెల్లెలు కోటు జేబులోంచి మార్కర్ పెన్నులు రెండు తీసింది, సంతకాల కోసం తెచ్చుకున్నవి. మెట్లు దిగి ముందు వరసకు వెళ్లి నర్సు చేతిలో పుస్తకం తీసుకుంది. పేజీ తెరిచి, రెండు బొమ్మల మీదుగా అడ్డంగా గీత కొట్టింది. పుస్తకాలు పాడు చేస్తే పోలీసులను పిలుస్తానని పబ్లిషర్ అరుస్తున్నాడు. పిలిస్తే తన పని తగ్గుతుందని, పిలవమని చెప్పింది.

రెండో పెన్ను నా మీదకు విసిరింది. నా వైపు చూడనైనా లేదు.

"నిలబడి చూస్తావేంటక్కా. వెనక వరసల నుంచి నువ్వు రా."