పండ్రెండవ గాజు

రోహిణీకార్తె నడిమి దినములలో ప్రచండమార్తాండకిరణసంతప్తములై తాటియాకులు చిటపటలాడుచుండగా పక్షులు నోళ్లు తెరచుకొని పొదలలో మూగవోవగా వీథులయందు మనుష్యసంచారము సంపూర్ణముగ నుడిగి ప్రతివస్తువు నీడయు దాని పాదముక్రిందనే దాగిన మిట్టమధ్యాహ్నవేళ, గాలి తిరుగునని పెద్దలు గడప దాటనీయని యా వేళ, గాజుల కోటిలింగము తలుపు గడియవేసికొని యొంటరిగ గూర్చుండి చేతిఫోను చూచుచుండెను.

అతడు నలువదియేండ్లు గాజుల మలారము భుజమున వైచుకొని యూరూర దిరిగినవాడు. భార్య నాంచారమ్మ గతించి మూడేండ్లయ్యెను. ‘మన వూరి మాట’ యను వాట్సాప్ గుంపునకు నతడే పెద్ద. ఒకరిని జేర్చుటయు దొలగించుటయు నతని బొటనవ్రేలి పని.

ఆ యుదయమున నంగన్‌వాడి నడపు వనజాక్షి గుంపులో నిట్లు వ్రాసియుండెను.

“నిన్న పంచాయతీలో నోరు విప్పని మెంబరుని గాజులు తొడుక్కోమని తిట్టారు. నీళ్ల ట్యాంకరు కోసం రోడ్డు మీద కూర్చున్నది గాజులు తొడుక్కున్న మేమే కదా! మగతనమంటే ఏమిటో, ఆడతనం ఎందుకు తిట్టయిందో, ఒక్కసారి తిట్టుకోకుండా మాట్లాడుకుందామా?”

బదులుగ గొంతు సందేశములు వచ్చినవి. ఆటో నడపు వరహాలు గొంతు వానిలో బెద్దది.

“కోటిలింగం బాబాయ్, ఈవిడని గుంపులోంచి పీకెయ్. పీకలేవా? మరేం, సరుకు నీ దగ్గరే ఉందిగా! నువ్వూ ఓ డజను తొడుక్కో!”

పిమ్మట నవ్వు. కోటిలింగము వనజాక్షి పేరుమీద బొటనవ్రేలు మోపెను. మోపి, యా నవ్వు మరల వినగోరి గొంతును రెండవమారు మ్రోగించెను.

నవ్వు క్రింద గాజులు మ్రోగినవి.

డజను గాజులు చెవియొద్ద గలగలలాడించి బీటను బట్టుట యతని వృత్తిలో మొదటి విద్య. మంచిగాజు ఘల్లుమనును. బీటగాజు టక్కుమనును. ఇచట పదునొకండు ఘల్లుమనెను. పండ్రెండవది టక్కుమనెను. మరియొకని గొంతు దెరచెను. అదియే చప్పుడు. మూడవవానిది దెరచెను. ‘తొడుక్కో’ యను మాట ముగిసిన చోటనే, అదియే చప్పుడు.

ఆ పండ్రెండవదానిని అతడెరుగును. ఒకనాడు సంతలో తగవునకు వెనుదీసిన తమ్ముని నతడు గాజులు తొడుగుకొమ్మని పదిమందిలో నెగతాళి చేసెను. ఇల్లు చేరినపిదప నాంచారమ్మ యడిగెను.

“మనం తినే కూడు గాజులదే కదయ్యా. దాన్నే తిట్టు చేస్తావా?”

అతడు ఆమె మణికట్టు పట్టి గోడకు గొట్టెను. ఒక గాజు బీటవారెను. మలారమునిండ గాజులుండియు నామె దానిని మార్చుకొనలేదు. చితివరకు దానితోనే పోయెను.

కోటిలింగము వనజాక్షి పేరుమీది వ్రేలు దీసెను. గుంపునకు గొంతు సందేశముగ నిట్లు పలికెను.

“వనజాక్షిని తియ్యను. ఆ తిట్టు నేనూ తిట్టాను. ఎందుకని అడిగితే పెళ్లాం చెయ్యి గోడకేసి కొట్టాను. అదే మగతనమనుకుని బతికాను. మీ ఇళ్లలో సంగతి మీరు చెప్పండి. నవ్వితే మాత్రం ఊరుకోను.”

మొదట వరహాలు బదులు వ్రాసెను.

“మా నాన్న నన్ను ఏడవనిచ్చేవాడు కాదు బాబాయ్. ఏడిస్తే గాజులు తెమ్మనేవాడు. వనజక్కా, నువ్వడిగింది మాట్లాడదాం.”

వెనువెంటనే వరహాలే మరియొకటి వ్రాసెను.

“అది సరే. నీ మాటల వెనకాల గాజులు మోగుతున్నాయేంటి? ఇంట్లో ఎవరున్నారు?”

ఇంట నెవ్వరును లేరు. మలారము పెట్టెలో దాళముక్రింద నుండెను.

ఒప్పుకొన్నంతమాత్రమున బీట యతుకదు. ఆ సంగతి గాజులవానికి వేరుగ జెప్పనక్కరలేదు.

వెలుపల నీడలు పాదములక్రిందనుండి వెడలి సాగిపోవు వేళకు గుంపులో దొమ్మండుగురు పురుషులు నోరు విప్పిరి. వనజాక్షి యొక్కొక్కరిని మాట త్రుంపక యడుగుచుండెను. ఒక్కొక్కని గొంతుక్రింద నొక్కొక్క యింటి గాజులు మ్రోగుచుండెను. కోటిలింగ మన్నిటిని జెవికానించుకొని తన వృత్తిపద్ధతిని బరీక్షించెను.

బీట లేని డజను ఒక్కటియు లేదు.