ఒడ్డుకి కొట్టుకొచ్చిన కూర్మనాథం

కూర్మనాథానికి చాలా ఏళ్ళుగా ఒక సందేహం ఉంది. మనిషి తలమీద జుట్టు పుట్టినప్పటి నుంచీ ఒకటే జుట్టా, లేక కత్తిరించిన ప్రతిసారీ మొలిచేది కొత్త జుట్టా?

ఇది పనిలేక పుట్టిన సందేహం కాదు. అతనికంటే ముందు వాళ్ళమ్మకి ఇద్దరు పిల్లలు పురిట్లోనే పోయారు. మూడోవాడు దక్కితే నీ పేరే పెట్టుకుంటాను, పుట్టువెంట్రుకలు నీ సన్నిధిలోనే తీయిస్తాను అని ఆవిడ శ్రీకూర్మం స్వామికి మొక్కుకుంది. పిల్లవాడు దక్కాడు. పేరూ పెట్టారు. తీరా వెంట్రుకలు తీయించే వేళకి నెత్తినిండా సెగ్గడ్డలు లేచాయి. తాతగారు ఆగలేక మంగలిని పెరట్లోకే పిలిపించి గీయించేశారు. స్వామికి చెందవలసిన జుట్టు అరటిపాదులో కలిసిపోయింది. "పెద్దయ్యాకయినా ఆ బాకీ తీర్చెయ్యరా నాయనా" అని చెబుతూ చెబుతూనే ఆ తల్లి కన్నుమూసింది.

కూర్మనాథం దైవభక్తి తక్కువవాడేమీ కాదు. స్నానం, సంధ్య, విష్ణుసహస్రనామం అయితే గాని పలాసలో గూడ్సాఫీసుకి బయల్దేరేవాడు కాదు. కాని ఈ ఒక్క విషయంలో మాత్రం అతనికి తర్కం అడ్డొచ్చేది. "బాకీ పడ్డది ఆ జుట్టు. ఇప్పుడున్నది వేరే జుట్టు. ఇది పట్టుకెళ్ళి ఇస్తే స్వామి పుచ్చుకుంటాడా?" అని భార్య జగదాంబతో వాదించేవాడు.

"మీ తర్కం జుట్టు దగ్గరే ఎందుకు ఆగుతుందో నాకు తెలుసు లెండి" అనేది ఆవిడ.

తెలియనిదేముంది? నలభై దాటినా అతని జుట్టు నల్లగా, ఒత్తుగా, అలలు అలలుగా ఉండేది. బట్టతల హెడ్డుగుమస్తా గారు ఫైలు అడగడానికి వచ్చి, ఫైలు మరిచిపోయి ఆ జుట్టు వంకే చూస్తూ నిలబడేవారు. అలాంటి జుట్టుని కత్తికి ఒప్పగించాలంటే ఎవరికైనా తర్కం గుర్తురాక తప్పదు.

పంతొమ్మిదివందల అరవై ఎనిమిదో సంవత్సరం మాఘపౌర్ణమికి కూర్మనాథం సెలవు పెట్టి, ముందురోజు సాయంత్రమే సముద్రస్నానానికి బారువ వెళ్ళాడు. తెల్లవారుతూనే మూడు మునకలు వేసి, సూర్యుడికి అర్ఘ్యం ఇస్తూ కళ్ళు మూసుకున్నాడో లేదో, వెనకనుంచి కేక వినబడింది.

"ఒలే! కూర్మనాథం ఒడ్డుకి కొట్టుకొచ్చినాడు! ఊపిరి నేదు!"

కూర్మనాథం ఉలిక్కిపడ్డాడు. ముందు తన గుండె మీద చెయ్యి పెట్టి చూసుకున్నాడు. కొట్టుకుంటోంది. అప్పుడు వెనక్కి తిరిగాడు.

ఇసకలో చేటంత తాబేలు వెల్లకిలా పడివుంది. ఆ ఋతువులో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే తాబేళ్ళలో అప్పుడప్పుడూ ఒకటి ఇలా చచ్చి కొట్టుకొస్తుంది. అక్కడి పల్లెవాళ్ళు దాన్ని తాబేలు అనరు. స్వామి పేరు పెట్టి కూర్మనాథం అనే అంటారు. పోతే అలా వదిలెయ్యరు, పసుపు కుంకుమలు పెట్టి ఇసకలో పూడ్చిపెడతారు.

తన పేరుగల జీవి అలా పడివుంటే చూస్తూ చూస్తూ వెళ్ళిపోవడానికి అతనికి మనసొప్పలేదు. దేవుడికని తెచ్చిన కొబ్బరికాయ అక్కడే కొట్టి, పూడ్చేదాకా నిలబడ్డాడు. ఈలోగా పలాస వెళ్ళే మొదటి బస్సు వెళ్ళిపోయింది. అక్కడున్నవాళ్ళలో పలాస సంతలో ఎండుచేపలమ్మే రత్నాలమ్మ మాత్రం బుట్ట ఎత్తుకుని ఆ బస్సు ఎక్కగలిగింది.

ఆ తర్వాత ఇంట్లో జరిగింది అతను కళ్ళారా చూడలేదు. జగదాంబ కొంత, వీధి మొత్తం కలిసి మిగతాదీ తర్వాత చెప్పారు.

రత్నాలమ్మకి బారువ బస్సు దిగిన రోజున ఆ వీధిమీదుగానే సంతకి వెళ్ళడం అలవాటు. జగదాంబ చేపలు కొనే మనిషి కాదు గాని, కబురు కొనే మనిషే. "ఏమే, బారువలో విశేషాలేమిటి?" అని అరుగు మీంచి పలకరించింది.

"ఏటి విశేషాలమ్మా, పొద్దున్నే కూర్మనాథం ఒడ్డుకి కొట్టుకొచ్చినాడు. పానం పోనాది."

జగదాంబ చేతిలో చేట జారి, బియ్యం వీధిపాలయ్యాయి. రత్నాలమ్మకి ఆ ఇంటాయన "గుమస్తాబాబు" అనే తెలుసు. పేరు చెప్పేవాళ్ళెవరు? జగదాంబ పెళ్ళయిన నాటినుంచి మొగుడి పేరు నోట పలికిన మనిషి కాదు. రేషను కార్డు రాసే ఆయన అడిగితే, "శ్రీకూర్మంలో ఉండే దేవుడి పేరు, అదే రాసుకోండి" అని చెప్పిన ఇల్లాలు ఆవిడ. ఇప్పుడు "మా కూర్మనాథమేనా?" అని ఒక్క మాట అడిగివుంటే గొడవ తేలిపోయేది. నోరు రాలేదు.

"ఎ... ఎలా ఉన్నారే మనిషి?" అంది.

మనిషి అన్న మాట రత్నాలమ్మ చెవిన పడలేదు. "బలిసినోడే అమ్మా. పొట్ట పైకెట్టీసి, కాలూ సెయ్యీ సాపీసి పడున్నాడు. మెడ ఇంత పొడుగు బయిటికొచ్చీసింది. మావోలు పసుపూ కుంకం ఎట్టీసి గొయ్యి తీత్తన్నారు. ఒత్తానమ్మా, సంతకి ఆలీసమైపోతన్నాది" అని బుట్ట సర్దుకుని వెళ్ళిపోయింది.

జగదాంబ కేకకి పక్కింటి పురోహితుడు నీలకంఠం గారు పంచ బిగించుకుంటూ పరుగెత్తుకొచ్చారు. సంగతి విని ముందుగా అన్న మాట: "గొయ్యి ఏవిటి? మనకి దహనం కదా!"

కూర్మనాథం తమ్ముడు త్రినాథరావు కూడా ఆ రోజు ఇంట్లోనే ఉన్నాడు. టెక్కలిలో బట్టల కొట్లో గుమస్తా. వచ్చే గురువారం నౌపడలో పెళ్ళిచూపులని, నాలుగు రోజులు ముందుగానే వచ్చి అద్దం ముందు క్రాపు దువ్వుకుంటున్నాడు. అన్నగారి జుట్టుకి తమ్ముడి జుట్టు ఏమీ తీసిపోదు. అన్నకి మగపిల్లలు లేరు కాబట్టి, కర్మ చెయ్యాల్సింది అతనే.

"పదండి, బస్సెక్కి బారువ పోదాం" అన్నాడు త్రినాథరావు కళ్ళు తుడుచుకుంటూ.

"పోదాం. కాని బస్సుకి ఇంకా గంట ఉంది. అక్కడ మంగలిని ఎక్కడ వెతుకుతాం? ఇక్కడే క్షవరం కానిచ్చేసి కదులుదాం. సాయంత్రానికి నాకు సంతబొమ్మాళిలో పెళ్ళి కూడా ఉంది" అన్నారు నీలకంఠం గారు.

"ముందు ఒకసారి చూసొస్తే... గురువారం నాకు..."

"అన్న పోతే గురువారం ఏవిటోయ్!"

త్రినాథరావు వచ్చి వీధి వాకిట్లో పీట మీద కూర్చున్నాడు. మంగలి పైడిరాజు నీళ్ళు చిలకరించి, కత్తి నూరి, కుడివైపు నుంచి మొదలుపెట్టాడు.

సరిగ్గా అప్పుడు రెండో బస్సు దిగిన కూర్మనాథం తడిపంచ మూట చంకన పెట్టుకుని వీధిలోకి వచ్చాడు. తన గుమ్మం ముందు చెప్పులు, మనుషులు కనబడ్డాయి. లోపల ఏడుపు. పీట మీద తల వంచుకున్న మనిషెవరో అతనికి ఆనలేదు. వెనకనుంచి పైడిరాజు దగ్గరకి వెళ్ళి, "ఎవరు పోయారు రా?" అని మెల్లిగా అడిగాడు.

పైడిరాజు కత్తి మీంచి చూపు తిప్పకుండా, "కూర్మనాథం బాబండి" అన్నాడు.

"అయ్యో పాపం! ఎప్పుడు?"

"పొద్దున్నేనంటండి. సంద్రం లాగీసినాదంట. దేవుడనాంటి మనిషండి. ఆ జుత్తు, ఆ జుత్తండి బాబూ, నా సేతుల్తో ఎన్నిసార్లు దిద్దినానో..."

ఈ వీధిలో తనలాంటి జుట్టున్న ఇంకో కూర్మనాథం ఎవరా అని అతను ఆలోచిస్తూ ఉండగా పైడిరాజు తలెత్తాడు. చేతిలో కత్తి కిందపడింది. త్రినాథరావు పీట మీంచి లేచాడు. అతని తలలో కుడి సగం నున్నగా, ఎడమ సగం సినిమా హీరోలా ఉంది.

అప్పుడే గుమ్మంలోకి వచ్చిన జగదాంబ మొగుణ్ణి చూసి, "కూర్మనాథం!" అని కెవ్వున అరిచింది.

మనిషి బతికి రావడం కంటే జగదాంబ మొగుడి పేరు పలకడమే అందరికీ పెద్ద వింతగా తోచింది. ఆవిడ రెండు చేతులతో నోరు మూసుకుంది. అయినా పలికిన పేరు పలికినట్టే మిగిలింది.

"అయితే గొయ్యిలో ఎవరు?" అన్నారు నీలకంఠం గారు.

సంత ముగించుకుని ఖాళీ బుట్టతో అటే వస్తున్న రత్నాలమ్మే దానికి జవాబు చెప్పింది. "కూర్మనాథమండి! డొప్పున్నోడు! గుమస్తాబాబు గూడా మాతోటుండి కొబ్బరికాయ కొట్టినారు గదండి! ఎవలనుకున్నారేటి?" అని అందరి వంకా చూసి, సంగతి అర్థమై, బుట్ట కింద పెట్టి పొట్ట పట్టుకుని నవ్వింది. వెంటనే వీధంతా ఆ నవ్వు అందుకుంది. ఒక్క త్రినాథరావు మాత్రం నవ్వలేదు.

"మిగతాది కూడా గీసీమంటారేటండి?" అని అడిగాడు పైడిరాజు వినయంగా.

"ఆగు" అన్నారు నీలకంఠం గారు. "బతికున్న అన్న పేరు మీద గుండు పూర్తిచెయ్యకూడదు. అశుభం."

"మరి సగం గుండుతో నౌపడ వెళ్ళమంటారా?"

నీలకంఠం గారు వేళ్ళ మీద తిథీ నక్షత్రం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. అప్పుడు జగదాంబ కొంగు సర్దుకుని, మొగుడి ముఖం చూడకుండా, స్తంభానికి చెబుతున్నట్టు అంది: "పేరు పెట్టి ఒడ్డుకి పిలిపించాడు. ఇంటిమీదికి కత్తి పంపించాడు. అయినా తెలియదంటే ఇంకెలా చెబుతాడు స్వామి? అత్తగారి మొక్కు మరిది నెత్తిమీదికి వచ్చింది."

కూర్మనాథం తమ్ముడి తల వంక చూశాడు. తర్కం ఎంత వెతికినా దొరకలేదు. తన మొక్కు కోసం తమ్ముడు సగం ఇచ్చేశాడు, అదీ పెళ్ళిచూపుల ముందు.

మర్నాడు అన్నదమ్ములిద్దరూ, జగదాంబా రైలెక్కి, అక్కణ్ణుంచి బస్సెక్కి శ్రీకూర్మం చేరారు. త్రినాథరావు దారిపొడుగునా తువ్వాలు తలకి చుట్టుకునే కూర్చున్నాడు. కోనేట్లో మునిగి వచ్చాక, కత్తి దగ్గర కూర్చునేముందు కూర్మనాథానికి ఆఖరి ఆశ పుట్టింది. అటుగా పోతున్న అర్చకుడి ముందు చేతులు కట్టుకుని, తన సందేహం మొదటినుంచీ చివరిదాకా విన్నవించుకున్నాడు.

ఆయన ఓపిగ్గా విన్నాడు. "సెగ్గడ్డలు లేచిన తల ఇదేనా?"

"ఇదేనండి."

"అయితే కూర్చో."

కూర్మనాథం కూర్చున్నాడు. అలలు అలలుగా జుట్టు రాలి ఒడిలో పడింది. పక్కపీట మీద త్రినాథరావు మిగతా సగం కూడా అయిపోయింది. గాలి తగిలేసరికి ఇద్దరి తలలూ ఒకేసారి చల్లబడ్డాయి. అమ్మ ఎక్కడుందో గాని, ఇక స్థిమితంగా నిద్రపోతుందనిపించి కూర్మనాథానికి కళ్ళు చెమర్చాయి.

నల్లని కుప్పలోకి వంగి చూసిన త్రినాథరావు, "అన్నయ్యా, ఇందులో నాలుగైదు తెల్లవి కూడా ఉన్నాయి. పుట్టువెంట్రుకల్లో ఇవి లేవు కదా?" అన్నాడు.

కూర్మనాథం నున్నటి తల ఒకసారి తడుముకున్నాడు. "అవి వడ్డీ రా" అన్నాడు.