ఏడో కుండీ

ఆరో కుండీలో చిక్కుడాకును వేలితో వెనక్కి తిప్పి, భూతద్దంలోంచి పేనుబంక పురుగులను లెక్కపెట్టాడు. పదకొండు. నిన్న నలభై. వాటిని తినే అక్షింతల పురుగులు కడుపునిండా మేస్తున్నాయి. ఈ ప్రయోగం నడిపే లెక్కల మేడమ్ రాసిన సూత్రం చెప్పినట్టే అవి పెరుగుతున్నాయి, ఇవి తరుగుతున్నాయి.

ఇరవై ఆరేళ్లుగా ఈ గాజు గదిలో ఆయన పని ఇదే. అందరూ భూతద్దం బాబాయ్ అంటారు. "ఎదురుగా ఉన్న ఉప్పు డబ్బా కనపడదు గానీ ఆకు కింద పురుగు కనపడుతుందట" అని భార్య నవ్వుతుంది. ఆయనా నవ్వుతాడు. ఈ సాయంత్రంతో ఉద్యోగం పూర్తి.

చిక్కల్లా ఏడో కుండీతోనే. అందులో మూడు వందల పైచిలుకు. వారంగా ఇదే వరస.

"ఆ కుండీని లెక్కలోంచి కొట్టేద్దాం బాబాయ్" అంది మేడమ్, గుమ్మంలోంచే. "ఎక్కడో లెక్క తప్పి ఉంటారు. ఈ వయసులో మామూలేగా."

ఆ 'మామూలే' చెవిలో చీమలా దూరింది. ఆమె వెళ్లాక పీట లాక్కుని ఏడో కుండీ ముందు కూర్చున్నాడు.

ఒక అక్షింతల పురుగు కాడ ఎక్కింది. రెండు నల్ల చీమలు వచ్చి దాన్ని కాలు పట్టి ఈడ్చి కిందికి తోసేశాయి. తిరిగి వెళ్లి, పేనుబంక వదిలే తీపి చుక్కలు తాగుతూ కాపలా కాశాయి. బల్ల కాళ్ల కింద నీళ్ల పళ్లేలున్నాయి. మరి చీమలెలా వచ్చాయి? బారు వెంట చూపు నడిపించాడు. కాడ, కుండీ అంచు, ఆపైన తన తువ్వాలు! రోజూ కిటికీ గడియకు తగిలించేదే. పోయిన వారం కుండీలను ఇటు జరిపారు. కొస అంచుకు తగిలింది.

తీసి భుజాన వేసుకుంటే ఎవరికీ తెలియదు. చెయ్యి చాచాడు కూడా. కానీ అప్పుడు తను రాసిన మూడు వందలూ అబద్ధమైపోవూ?

"అమ్మా, ఒకసారి రండి. లెక్క తప్పలేదు. తప్పంతా నా తువ్వాలుది."

ఆమె వంగి తువ్వాలు మీది చీమల బారును చూసింది. తర్వాత నేల మీదే చతికిలబడి సూత్రం రాసిన కాగితం తీసింది.

"తినేవాళ్లనే రాశాను. కాపలా వాళ్లను మరిచిపోయాను."

"తిట్టరా?"

"తిడతాను, వారం ముందే పిలవనందుకు." సూత్రం చివర ఒక అక్షరం చేర్చింది. "ఇవీ మీ చీమలు."

"ఇంత చిన్న అక్షరమా!"

"చీమలు కదా బాబాయ్!"

సాయంత్రం భూతద్దాన్ని సొరుగులో పెట్టి, చేతులు కడుక్కుని తువ్వాలు అందుకోబోయాడు.

"అది మాత్రం ముట్టుకోకండి" అంది మేడమ్. "చీమల దారి తెగిపోతుంది."

తడి చేతులు చొక్కాకు తుడుచుకుని, నవ్వుకుంటూ వెళ్లిపోయాడు.

కిటికీ గడియకు గళ్ల తువ్వాలు వేలాడుతోంది. దాని చిరిగిన కొస మీదుగా, ఒకదాని వెనక ఒకటి, చీమలు ఏడో కుండీలోకి దిగుతున్నాయి.