సరదా మనిషి

చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తూ సోమవారం ఏడుగంటల సీరియల్ చూశాను. కోడలు పాయసంలో విషం కలిపిందని అత్తగారు అంటుంది. అనగానే ఉరిమినట్టు చప్పుడు, ఒక్కొక్కరి మొహం మీదికి కెమెరా వెళ్ళి రావడం. బుధవారం దాకా ఆ పాయసం గిన్నె అక్కడే ఉంది. ఆ ఇంటినిండా పట్టుచీరలు కట్టుకున్న ఆడవాళ్ళే గాని, ఒక్కరైనా గిన్నె తోమడం నేను చూడలేదు. పాయసం అడుగు ఎండిపోతే ఎంత నానబెట్టాలో ఆ కథ రాసినవాళ్ళకి తెలియదు. నా అభిప్రాయం ఏమిటంటే, విషం కలిపింది ఎవరో తెలియాలంటే ఆ ఇంట్లో గిన్నెలు తోమే మనిషిని అడగాలి. ఆ మనిషిని మాత్రం వాళ్ళు చూపించరు.

ఇలా రాయమన్నది దీనమ్మ టీచరుగారు. ఆవిడ రిటైరై మా చర్చి సంఘంలోనే ఉంటున్నారు. మా ఆయన పోయాక నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. ఇప్పుడు బైబిలు కూడబలుక్కోకుండానే చదువుతున్నాను. రాయడం కూడా అలవాటు చేసుకోండి అన్నారు.

"ఏం రాయనండీ టీచరుగారూ, నాకేం తెలుసని?"

"రోజూ టీవీ చూత్తారు కదండీ. అదే రాయండి. చూసింది రాసి, మీకేమనిపించిందో కూడా రాయండి."

చూసింది రాయడం వచ్చింది. అనిపించిన దగ్గరే చెయ్యి ఆగిపోతోంది. ఆయన పోయి ఏడాది అయ్యింది. నాకు ఏమీ అనిపించడం లేదు. కాలు మడిచి చాలాసేపు కూర్చుంటే తిమ్మిరెక్కి, గిల్లినా తెలియదే, లోపల అలా ఉంది. పెట్టె గోతిలోకి దించిన రోజున కూడా ఏడుపు రాలేదు. మా ఆడపడుచు చిట్టెమ్మ నా భుజం పట్టుకుని కుదిపి, "ఏడవ్వే వదినా, లోకం చూత్తాంది" అంది. లోకం కోసమైనా రాలేదు. ఎనిమిదిన్నరకు వచ్చే సీరియల్లో భర్త పోయిన ఒకావిడ ఉంది. దండ వేసిన ఫొటో ముందు నిలబడి మాట్లాడుతూ ఏడుస్తుంది. మంగళవారం అది చూసి, నేను కూడా వెళ్ళి మా ఆయన ఫొటో ముందు నిలబడ్డాను. ఫొటోలో కూడా నవ్వుతున్నారు. చెప్పడానికి ఒక్క మాటా తోచలేదు. తుడిచి వచ్చేశాను.

ఈ ఆదివారమే ఆయన జ్ఞాపకార్థ కూడిక. ఆరాధన అయ్యాక గుడిలోనే కూడిక, తర్వాత అందరికీ భోజనాలు. అందులో నేను కూడా లేచి సాక్ష్యం చెప్పాలని మా అబ్బాయి ఎజ్రా పట్టుబట్టాడు. "నాన్న గురించి నాలుగు మంచి ముక్కలు చెప్పమ్మా. ఎంత సరదా మనిషి! ఊరంతా నవ్వించాడు. నువ్వు మాట్టాడకపోతే బాగోదు" అన్నాడు. సోమవారం నుంచి నేను ఆ నాలుగు ముక్కలకోసం వెతుకుతూనే ఉన్నాను. టీవీలో చూసినా దొరుకుతాయేమోనని చూస్తున్నాను.

ఆయన ఉన్నన్నాళ్ళూ టీవీ నాకు వినబడేదే గాని కనబడేది కాదు. మా పొయ్యి గోడవైపు ఉంటుంది. హాల్లో ఆయన, ఆయనతో పాటు రైసుమిల్లు గుమస్తాలు ఇద్దరు ముగ్గురు. నేను వీపు అటు పెట్టి అట్లు పోస్తూ కథ అంతా వినేదాన్ని. గొంతుని బట్టి మంచివాళ్ళెవరో చెడ్డవాళ్ళెవరో అనుకునేదాన్ని. ఇప్పుడు ఎదురుగా కూర్చుని చూస్తే, తేనెలాంటి గొంతని నేను ఇన్నేళ్ళూ మెచ్చుకున్నవాడు పెళ్ళాన్ని మేడమీది గదిలో పెట్టి తాళం వేసినవాడట. అది చూసి కూడా నాకు ఆశ్చర్యం కలగలేదు.

అక్షరాలు వచ్చాక సీరియల్ మొదట్లో పేర్లు చదవడం మొదలుపెట్టాను. మొదట్లో సగం చదివేసరికి మాయమైపోయేవి. ఇప్పుడు అందుకుంటున్నాను. మాటలు ఫలానా ఆయన, కథనం ఫలానా ఆయన. నేను చూసేవాటిలో ఏడ్చేది ఆడవాళ్ళు, ఎప్పుడు ఏడవాలో రాసేది మగవాళ్ళు. ఇంకొక సీరియల్లో చదువురాని కోడలు పంతం పట్టి ఒక్క పాట పూర్తయ్యేలోపు కలెక్టరు అయిపోయింది. నాకు వత్తులు రావడానికే ఎండాకాలమంతా పట్టింది. ఆ పిల్ల మీద కోపం ఏమీ లేదు. పాట మధ్యలో ఒక్కసారైనా తప్పు రాసి కొట్టేసినట్టు చూపిస్తే బాగుండేదని మాత్రం అనుకున్నాను.

ఇక కామెడీ. గురువారం, శుక్రవారం రెండు రోజులూ వస్తుంది. మా ఆయనకి ప్రాణం. ఒక మగవాడు చీర కట్టుకుని పెళ్ళాం వేషం వేస్తాడు. మొగుడు వేషం వేసినవాడు వాడి మొహం గురించి, వంట గురించి, పుట్టింటివాళ్ళ గురించి ఒక్కొక్కటే అంటాడు. అన్నప్పుడల్లా నవ్వులు. మధ్యలో చెంప మీద ఒకటి పడుతుంది, అప్పుడు ఇంకా పెద్ద నవ్వు. జడ్జీలు కుర్చీల్లోంచి పడిపోతారు. ఈ వారం జాగ్రత్తగా విన్నాను. ప్రతిసారీ నవ్వు ఒక్కటే. ఒకే ఎత్తులో లేచి, ఒకే చోట ఆగుతోంది. మొదలయ్యే ముందు కింద ఒక లైను కూడా వేస్తారు: ఇది వినోదం కోసమే, ఎవరినీ కించపరచడానికి కాదు అని. ఇన్నేళ్ళూ ఆ లైను ఉందన్న సంగతే నాకు తెలియదు. మా ఇంట్లో కూడా ఆ షో నడిచింది. లైను వేసేవాళ్ళే లేకపోయారు.

ఆయన టీవీలో విన్న మాటని మర్నాటికల్లా నాకు తగిలించేసేవారు. మిల్లులో, గుడి గుమ్మంలో, పెళ్ళి పందిట్లో, ఎక్కడైనా. నన్ను పేరుతో పిలిచింది తక్కువ. "వేలిముద్రా!" అని పిలిచేవారు. "మా ఇంట్లో పెన్ను ఖర్చు లేదండి, మా ఆవిడకి ఉత్త సిరా చాలు" అనేవారు. చేతిలో మంచినీళ్ళ గ్లాసులతో నేను నిలబడి ఉండేదాన్ని. వచ్చినవాళ్ళు నవ్వి, నన్ను చూసేవారు, నేనూ నవ్వాలి కదా. నవ్వకపోతే, "ఏంటే, అర్థం కాలేదా? వీళ్ళకి అర్థమయ్యాక నీకు విడిగా చెప్తాలే" అనేవారు. దానికి మళ్ళీ నవ్వు. మా అత్తగారు జ్ఞానమ్మ, నాకు మేనత్తే, నన్ను పక్కకి పిలిచి, "మగాడు నవ్విత్తా ఉంటే ఇల్లు కళకళ్ళాడుద్దే. కొట్టాడా, తిట్టాడా? మొహం ముడుచుకోకు" అంది. నిజమే. కొట్టలేదు, తిట్టలేదు. ఇంత జీతం తెచ్చి చేతిలో పెట్టారు. ఎవరికైనా చెప్పుకుందామన్నా ఏమని చెప్పను? మా ఆయన నవ్విస్తున్నాడండీ అని చెప్పనా? తర్వాత తర్వాత నవ్వడం నేర్చుకున్నాను. పెదవులు లాగి పళ్ళు కనబడనిస్తే చాలు. లోపల ఏమీ కదలక్కర్లేదు.

శుక్రవారం రాత్రి భోజనాల దగ్గర కామెడీ నడుస్తోంది. మా కోడలు ప్రిస్కిల్లా సచివాలయంలో పని చేస్తుంది. సాయంత్రం ఆలస్యంగా వచ్చి, నాకు మోకాలు నొప్పిగా ఉందని తనే ఉప్మా చేసింది. కొంచెం గట్టిపడింది. ఎజ్రా గరిటె తిరగేసి పట్టుకున్నాడు. ఉప్మా కింద పడలేదు.

"చూశావా అమ్మా! పైన మేడ వెయ్యడానికి సిమెంటు కొనక్కర్లేదు. మా ఆవిణ్ణి అద్దెకిత్తే చాలు, కాంట్రాక్టర్లు క్యూ కడతారు."

మనవరాలు రూబీ పగలబడి నవ్వింది. "సిమెంటు! అమ్మ సిమెంటు!" అని పళ్ళెం మీద చెంచాతో వాయించింది. టీవీలో కూడా అప్పుడే నవ్వారు. ప్రిస్కిల్లా నవ్వింది. పెదవులు వెనక్కి లాగి, పళ్ళు కొంచెం కనబడేలా.

ఆ నవ్వు నాకు తెలుసు. అది నాదే. దాన్ని బయటినుంచి చూడడం అదే మొదటిసారి. చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది.

శనివారం సాయంత్రం ఎజ్రా హాల్లో నిలబడి ఆదివారానికి మాటలు అలవాటు చేసుకుంటున్నాడు. వాడు కాలేజీలో లెక్కలు చెబుతాడు, మాట్లాడడం వాడికి కొత్త కాదు. అయినా తండ్రిలాగా చేతులు తిప్పుతూ, తండ్రిలాగా మధ్యలో ఆగుతూ చెబుతున్నాడు. చివరికి యానాం బస్సు దగ్గరికి వచ్చాడు.

మా ఊళ్ళో ఆ జోకు తెలియనివాళ్ళు లేరు. ఆయన చెప్పే తీరు ఇది: "మా ఆవిడ కాకినాడ వెళ్ళిందండి. తిరిగొచ్చేటప్పుడు బోర్డు చదవడం రాదు కదా, రామచంద్రపురం బస్సనుకుని యానాం బస్సెక్కేసింది. నేను తెగ సంబరపడ్డానండి, ఆహా, మొగుడి మనసు తెలిసిన ఇల్లాలు, చవగ్గా సీసా తేవడానికెళ్ళిందీ అని! తెల్లారి చూద్దును కదా, ఉత్త చేతుల్తో దిగింది!" యానాంలో మందు చవక కదా, సీసా అనేసరికి గుడిలో పెద్దలు కూడా నోటికి కండువా అడ్డం పెట్టుకుని నవ్వేవారు.

"ఆ ఒక్కటీ వద్దురా అబ్బాయ్" అన్నాను.

"అదేంటమ్మా? అదే కదా హైలైటు. చిట్టెమ్మత్త నిన్న కూడా ఫోన్ చేసి, యానాం బస్సు మర్చిపోకురోయ్ అంది. నీకు చదువొచ్చేసింది, ఇంకా ఏంటమ్మా ఫీలవ్వడం? సరదాకి!"

నేను వంటగదిలోకి వచ్చేశాను. ఉత్త చేతులతో దిగలేదు నేను. ఆ బస్సులో నా ఒళ్ళో ఎజ్రా ఉన్నాడు. నడక కూడా రాని పిల్లాడు, జ్వరంతో సెగలు కక్కుతున్నాడు. కాకినాడ ఆసుపత్రిలో చూపించి, మందు పట్టించాను. "బస్టాండులో ఉండు, నేనొచ్చి తీసుకెళ్తా" అన్నారు ఆయన. పొద్దు వాలేదాకా చూశాను. ఆయన మిత్రులతో మధ్యాహ్నం ఆటకి సినిమాకి వెళ్ళారని తర్వాత తెలిసింది. పిల్లాడి కళ్ళు తేలిపోతుంటే కనబడిన బస్సు ఎక్కేశాను. పక్కనున్నాయన్ని మనూరేనా అని అడిగితే తల ఊపాడు. యానాంలో దిగేసరికి చీకటి. చేపలు అమ్ముకునే ఒకావిడ తన ఇంటికి తీసుకుపోయి, తడిగుడ్డలు వేస్తూ నాతో పాటు తెల్లారేదాకా కూర్చుంది. ఆవిడ పేరు అడగడం కూడా మర్చిపోయాను.

ఆయన ఆ జోకు మొదటిసారి చెప్పినప్పుడు, "అది కాదండీ, పిల్లాడు" అని నోరు తెరిచాను. "చూశారా, మళ్ళీ బస్సెక్కుతోంది!" అన్నారు. అందరూ నవ్వారు. ఆ తర్వాత తెరవలేదు. కథలోంచి పిల్లాణ్ణి ఆయన తీసేశారు. తీసేస్తేనే నవ్వొస్తుంది. ఎజ్రాకి ఈ సంగతి ఎవరూ చెప్పలేదు. తండ్రంటే వాడికి ఎంత ఇష్టమో నాకు తెలుసు. ఏడాది కూడికలో ఆ ఇష్టాన్ని తుంచెయ్యడం ఎందుకని శనివారం రాత్రి కూడా అనుకున్నాను. అనుకుంటూ, పక్క గదిలో ప్రిస్కిల్లా రేపటి చీర ఇస్త్రీ చేసుకుంటున్న చప్పుడు విన్నాను. "సిమెంటు గారూ, నా చొక్కా కూడా!" అన్నాడు ఎజ్రా. ఇస్త్రీపెట్టె చప్పుడు కాసేపు ఆగి, మళ్ళీ మొదలైంది.

ఆదివారం గుడి నిండింది. కీర్తన, ప్రార్థన అయ్యాక ఒక్కొక్కరూ లేచి మా ఆయన గురించి చెప్పారు. ప్రతివాళ్ళకీ ఒక జోకు జ్ఞాపకం ఉంది. ప్రతి జోకులోనూ నేనున్నాను. స్త్రీల వరసలో మొదటి కుర్చీలో తెల్లచీరతో కూర్చున్న నన్ను చూసి నవ్వుతూ చెబుతున్నారు. చివర్లో ఎజ్రా యానాం బస్సు చెప్పాడు. తండ్రికంటే బాగా చెప్పాడు. గుడి అంతా నవ్వింది. నవ్వి నవ్వి చిట్టెమ్మ కళ్ళు తుడుచుకుంది.

పాస్టరు యెహెజ్కేలుగారు నవ్వుతూనే మైకు నా చేతికిచ్చారు. "అమ్మగారూ, రెండు మాటలండి."

"అందరికీ వందనాలండి" అన్నాను. నా గొంతు స్పీకర్లోంచి వేరే మనిషిదిలా వినబడింది. "ఆ బస్సు సంగతి నేను కూడా చెప్తానండి."

మళ్ళీ నవ్వులు. "చెప్పండి, చెప్పండి!" అన్నారు ఎవరో మగవాళ్ళ వైపునుంచి.

"బోర్డు చదవలేకపోయిన మాట నిజమేనండి. బస్సు తప్పెక్కిన మాటా నిజమే. అప్పుడు నా ఒళ్ళో మా ఎజ్రా ఉన్నాడండి."

వెనక వరసల్లో ఇంకా కొందరు నవ్వుతున్నారు. ముందు వరసల్లో ఆగింది. ఎజ్రా మొహం మీద కూడా నవ్వు ఉంది గాని, దాన్ని ఏం చెయ్యాలో వాడికి తెలియడం లేదు.

"వాడికి జ్వరం. ఒళ్ళు కాలిపోతోంది. ఈయన బస్టాండుకి వస్తానన్నారండి. పొద్దు వాలేదాకా ఎదురుచూశాను."

ఎజ్రా "అమ్మా" అన్నాడు. మెల్లగానే అన్నాడు. రూబీ పక్కన కూర్చున్న ప్రిస్కిల్లా నన్నే చూస్తోంది. ఆ పిల్ల మొహంలో నవ్వు లేదు, నవ్వాలన్న ప్రయత్నం కూడా లేదు. బయట భోజనాల దగ్గర గంగాళాల మూతలు తీస్తున్న చప్పుడు లోపలికి వినబడుతోంది.

యెహెజ్కేలుగారు లేచి నా పక్కకి వచ్చారు. "సరేనమ్మగారూ, ప్రార్థన చేసుకుని భోజనాలకి లేద్దామండి" అంటూ మైకు కోసం చెయ్యి చాపారు.

"కూర్చోండి పాస్టరుగారూ" అన్నాను. "నేనింకా యానాంలో దిగలేదండి."