ఒక జపమాల నానేదాకా

మూడో బేసిన్‌లోకి గోరువెచ్చని నీళ్లు ఒంపుతూ లూర్దమ్మ తిడుతూనే ఉంది. షెడ్డులో బల్లల మీద కూర్చున్న ఏడుగురికీ ఆ తిట్లు తమకు కావని తెలుసు. వాళ్లను తిట్టే గొంతు వేరు, అందులో కాస్త బెల్లం ఉంటుంది. ఈవేళ ఉత్త పచ్చిమిరపకాయే.

"పది గంటలకి వత్తారంట, బేనరు కట్టుకుని. సేవా దినమంట. సేవకి ఒక దినమేటి? మిగతా దినాలు ఏటి సేత్తారంట?"

గంగులు బోసినోటితో నవ్వి, వేళ్లు అరిగిపోయిన కుడిపాదాన్ని నీళ్లలో దించాడు. చింతపల్లి వైపు కొండల్లోంచి తొలి బస్సుకు దిగి, బస్టాండు నుంచి కుంటుకుంటూ వచ్చాడు. ప్రతి మంగళవారం, ప్రతి శుక్రవారం అంతే. పదహారేళ్లుగా వస్తున్నాడు. కుష్ఠు అయితే మాత్రలతో ఎప్పుడో పోయింది. పోతూపోతూ కాళ్లలో స్పర్శ పట్టుకుపోయింది. మేకు దిగినా, నిప్పు తగిలినా తెలియని పాదాలు. అందుకే ఒక పుండు మానేలోపు ఇంకొకటి లేచేది.

నర్సీపట్నం చర్చి వెనక, ప్రహరీగోడకు ఆనించి వేసిన రేకుల షెడ్డు అది. గోడ అవతల ఆటోల హారన్లు, చెరుకు ట్రాక్టర్ల రొద. ఇవతల డెట్టాలు వాసన, దాని కింద దాగని పుండ్ల వాసన. ముప్పై మూడేళ్లుగా ఆ వాసన లూర్దమ్మ చీరల్లో ఉంది. ఉతికితే పోదు. యాభై ఎనిమిదేళ్ల పొట్టి మనిషి, ఎడ్లబండి కాడిలాంటి భుజాలు. నీళ్లలో నానినాని వేళ్ల కొనలు తెల్లగా ముడతలు పడి ఉంటాయి. పొద్దుటినుంచి ఎడమ భుజం లాగుతోంది. దాన్ని కూడా రెండుసార్లు తిట్టింది.

షెడ్డులో గడియారం లేదు. కాలు ఒక జపమాల సేపు నానాలి. ఐదు పదుల మంగళవార్తలు, మరియమ్మకు చెప్పే జపాలు, నిదానంగా చెబితే చచ్చిన చర్మం మెత్తబడి బ్లేడుకు లొంగుతుంది. బెర్నడెట్ సిస్టర్ అనే ఫ్రెంచి ఆవిడ పెట్టిన పద్ధతి అది. ఆవిడ పోయి ఇరవై ఏళ్లయినా పద్ధతి పోలేదు. షెడ్డుకొచ్చే వాళ్లలో క్రైస్తవులు ఇద్దరో ముగ్గురో. మిగిలిన వాళ్లకు ఎవరి దేవుళ్లు వాళ్లకున్నారు. అయినా జపమాల అందరికీ కంఠస్థమే.

పది దాటాక వచ్చారు. పదకొండుమంది యువతీయువకులు, ఇస్త్రీ బట్టలు, రెండు బుట్టల అరటిపళ్లు, రొట్టెలు, మెడలో కెమెరా వేలాడేసుకున్న ఫోటో స్టూడియో మనిషి. బేనరు మీద ఎర్రటి అక్షరాలు: ప్రార్థన, విశ్వాసం, సేవ. వెనక ఫాదర్ క్రిస్టఫర్. ముప్పై ఒక్కేళ్లవాడు, గురుపట్టం పుచ్చుకుని రెండేళ్లయింది. ఊళ్లో యువత ఆదివారం పూజలో గోడకు ఆనుకుని నిలబడి బయటికి చూస్తున్నారని దిగులుపడి, ఈ కార్యక్రమమంతా ఆయనే తలపెట్టాడు. ఎల్లుండి విశాఖలో యువజన సభ ఉంది, అక్కడ ఈ ఫోటోలు పెట్టాలి.

"లూర్దమ్మగారూ, కొంచెం పక్కకి జరగండి. ఫోటోలో బేనరు పడాలి," అన్నాడు యువజన సంఘం అధ్యక్షుడు జాన్ ప్రసాద్.

లూర్దమ్మ తలెత్తలేదు. "పుండు బేనరుకుందా, గంగులుకుందా?"

కెమెరా మనిషి కన్ను చికిలించి ముందుకు వంగాడు. గంగులు భుజం మీది తువ్వాలు తీసి మొహం మీద కప్పుకున్నాడు. ఇలాంటప్పుడు అతను ఎప్పుడూ చేసే పనే. అది చూసేసరికి లూర్దమ్మ చేతిలోని చెంబు నేలమీద పడింది. తనే పడేసింది.

"ఆపండి. ఆడి మొహం ఆడిది. అరటిపండిచ్చి కొనుక్కుంటారేటి?"

"అమ్మా, పిల్లలు మంచి మనసుతో వచ్చారండి," అన్నాడు ఫాదర్ మెల్లగా.

"మనసు నాకు కనపడదండి ఫాదర్ గారూ. సెయ్యి కనపడతాది. సూడండి, ఒక్క సెయ్యి జేబులోంచి బయటికి రానేదు."

జాన్ ప్రసాద్ చెవులు ఎర్రబడ్డాయి. "మాకు డాక్టరు పని తెల్దండి. మేం ప్రార్థన సేత్తాం. అదీ సేవే."

"అయితే సెయ్యి," అంది లూర్దమ్మ. ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "ఇక్కడే. ఈడి కాలు నానేదాకా. జపమాల ఎత్తు."

వాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఫాదర్ శిలువ గుర్తు వేసుకునేసరికి తప్పలేదు. మొదటి పది మంగళవార్తలు గట్టిగానే సాగాయి. రెండో పదికి నాలుగు గొంతులు మిగిలాయి. ఎవరో గడియారం చూసుకున్నారు. ఎవరో ముక్కుకు రుమాలు పెట్టుకున్నారు. మూడో పదికి ముందు చెప్పాల్సిన దేవరహస్యం దగ్గర జపం ఆగిపోయింది. ఈవేళ శుక్రవారం, క్రీస్తు పడ్డ బాధలను తలుచుకునే దుఃఖ రహస్యాలు. కొరడా దెబ్బల తర్వాత ఏమిటో ఎవరికీ తోచలేదు. ఫాదర్ కావాలనే పెదవి కదపలేదు.

తువ్వాలు కిందనుంచి గంగులు అన్నాడు: "ముల్లకిరీటం, బావూ."

వెనక ఎవరో కిసుక్కున నవ్వారు.

ఆ నవ్వు వినగానే లూర్దమ్మ లేచింది. అరుస్తుందనుకున్నారు. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని తర్వాత జాన్ ప్రసాద్ అనుకున్నాడు.

"మాయమ్మని మాకవరపాలెం కాడ ఊరోలు తరిమీసినారు. ఈ రోగానికే. నాకప్పుడు పన్నెండేళ్లు. ఇక్కడికొచ్చి ఈ షెడ్డులోనే పదహారేళ్లు బతికింది, ఇక్కడే పోయింది. అప్పుడూ ఈ గుడికి యువజన సంఘముంది. మీలాగే తెల్లసొక్కాలు. ఆలు సమాదుల దాకా వచ్చినారు, పాటలు పాడుకుంటా, పది బారల దూరంలో. పెట్టి మాత్రం ఎవులూ పట్టనేదు. నానో పక్క, బెర్నడెట్ సిస్టరో పక్క, కాళ్లకి కట్లున్న ముసిలోలిద్దరు ఎనక. సిస్టరుకి ఆ యేళకి డెబ్బయ్యేళ్లు. దారిలో రెండుసార్లు కింద దించినాం. దించినప్పుడల్లా ఆలు కూడా ఆగి, అక్కడే నిలబడి, ఇంకో సరణం పాడీవోలు."

పైన కాకి నడుస్తుంటే రేకులు టకటకలాడుతున్నాయి.

"ఎల్లండి," అంది. "పళ్లట్టుకుపొండి. ఈలు బిచ్చగాళ్లు కారు."

ఫాదర్ తల దించుకుని వాళ్లను బయటికి నడిపించాడు. బేనరు మడతపెడుతున్న చప్పుడు కాసేపు వినిపించింది.

లూర్దమ్మ గంగులు పాదాన్ని ఒళ్లోకి తీసుకుని బ్లేడు పట్టింది. ఆ చేతులకూ ఆ నోటికీ సంబంధం ఉన్నట్టే ఉండదు. ఉల్లిపొర తీసినట్టు తెల్లటి చర్మాన్ని పొరపొరగా తీసింది. దూదితో తుడిచి, గాజుగుడ్డ పరిచి, కట్టు కట్టింది. పెళ్లయిన ఏడాదికి తల్లి సంగతి తెలిసి భర్త వదిలేసినప్పుడు కూడా మర్నాడు మంగళవారమే. ఆ మంగళవారమూ ఇలాగే కట్లు కట్టింది.

ముడి వేసి తలెత్తితే గుమ్మంలో ఒక అమ్మాయి నిలబడి ఉంది. సోఫియా, సంఘం కార్యదర్శి, డిగ్రీ రెండో సంవత్సరం. కళ్లు ఎర్రగా ఉన్నాయి. అవి ఏడ్చిన కళ్లు కావు.

"ఇంకా ఏటి?"

"మామ్మా, ఒక మాట అడుగుతాను. మీరు ముప్పై ఏళ్లబట్టి కడుతున్నారు కదా. ఎవులికి నేర్పారు?"

లూర్దమ్మ కత్తెర పెట్టబోతున్నదల్లా ఆగింది.

"నాను పదో తరగతిలో ఉండగా వచ్చాను. మీకు గురుతుండదు. తలుపుకాడ నిలబడితే, అడ్డం లెగమన్నారు. లెగిసి ఎల్లిపోయాను. ఇప్పుడు మాకు ముల్లకిరీటం తెల్దని తిట్టారు. తెల్దు, నిజమే. మాకెవులు సెప్పారు? మీకు తెలుసు కదా, మీరు సెప్పారా?"

ఇంతవరకు లూర్దమ్మను ఎవరూ ఇలా అడగలేదు. తిట్టబోయి, కత్తెర కింద పెట్టింది. తను వెళ్లగొట్టింది ఆ అమ్మాయి ఒక్కతినేనా? కట్టు వదులుగా కట్టాడని చేతిలోంచి కత్తెర లాక్కుంటే కన్నీళ్లు పెట్టుకున్న హాస్టలు కుర్రాడు, సిస్టర్లు కావడానికి శిక్షణలో ఉండి, మూడు వారాలు వచ్చి మానేసిన ఇద్దరు నొవిషియేటు పిల్లలు. వాళ్లు రావడం మానేసిన రోజున తనకు కలిగింది బాధ కాదు. చూశారా, నేను చెప్పలేదా అనే తృప్తి. అమ్మ పెట్టెను పట్టుకోని వాళ్లమీద కోపాన్ని ముప్పై ఏళ్లు ఇంకెవరి చెయ్యీ తగలకుండా దాచుకుంది. ఈ పుండ్లను దాచుకున్నట్టే. తానొక్కతే కడితే తానొక్కతే మంచిమనిషి. ఆ మాట తోచేసరికి కోపం మళ్లీ లేచింది. ఈసారి ఎవరిమీదకు పోవాలో దానికి తెలియలేదు.

"కూకో," అంది. "గంగులు ఎడంకాలు నీది."

సోఫియా చున్నీ నడుముకు బిగించి కింద కూర్చుంది.

"సెయ్యి కాదు, మోసేయి ముంచు. మోసేతికి బేగి తెలుస్తాది. వేడుందా?"

"కొంచెం."

"కొంచెమంటే ఎంత? సరిగా సూడు. ఆడి కాలికి నిప్పయినా నీరయినా ఒకటే. ఆడికి తెల్దు కాబట్టి ఆడి బదులు నీకు తెలియాలి. ఆడి బదులు నువ్వే కాలాలి. ఇంకో సెంబు సన్నీళ్లు పొయ్యి."

పాత కట్టు విప్పగానే సోఫియా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. లేచి బయటికి పరిగెత్తింది. లూర్దమ్మ గంగులు వైపు చూసింది. రాదేమో అనుకుంది లూర్దమ్మ. ఎప్పటిలా తృప్తి కలగలేదు. గుమ్మం వైపే చూస్తూ కూర్చుంది.

పిల్ల వచ్చింది. మొహం కడుక్కుని, ఎదురుగా ఉన్న తాతబ్బాయి కొట్టులో టీ పట్టుకుని వచ్చింది. గ్లాసు చేత్తో ఆ కొట్టు వైపు వెనక్కి తిరిగి చూసింది.

"ఈ షెడ్డుకని సెప్పాను. అయితే గ్లాసు మళ్లీ తేవద్దు, మీకాడే ఉంచీయండన్నాడు."

"నాకు తెలుసు. ఆడి నాయన కూడా అదే అన్నాడు. అందుకే నాను ఆ కొట్టు గుమ్మం ఎక్కనేదు," అంది లూర్దమ్మ. "ఆ కిటికీలో ఎట్టు. జపమాలయ్యాక తాగుతాను. నువ్వు సెయ్యి తియ్యకు, కాలు పట్టుకునే ఉండు."

ఆమె గోడకు వీపు ఆనించి ముక్కాలిపీట మీద కూర్చుని మొదలుపెట్టింది. నీళ్లలో సోఫియా రెండు చేతుల మధ్య గంగులు మడమ బరువుగా, రాయిలా ఉంది. కాసేపటికి అది రాయిలా అనిపించలేదు. లూర్దమ్మ జపం చెబుతూనే మధ్యలో "వంచకు", "గట్టిగా నొక్కకు" అని కసురుతోంది. మంగళవార్తకీ కసురుకీ ఒకటే గొంతు. మూడో రహస్యం దగ్గర కాస్త ఆగి, సోఫియా వైపు చూసింది. సోఫియా చెప్పింది. లూర్దమ్మ తల ఊపింది. మెచ్చుకోలేదు.

నాలుగో రహస్యంలో ఆమె గొంతు తగ్గింది. తనను పైకి చెప్పమంటోందనుకుని సోఫియా గొంతు పెంచింది. గంగులు కలిశాడు, మిగిలిన ఆరుగురూ కలిశారు. ఐదో పదీ అయింది. త్రిత్వ స్తోత్రం అయింది.

"మామ్మా, కాలు పైకి తీసేదా?"

జవాబు లేదు. సోఫియా వంగి, కావాలనే కాలిని తప్పుగా, బొటనవేలు దగ్గర పట్టుకుని ఎత్తింది. తిట్టు రాలేదు. అప్పుడు తెలిసింది.

గంగులు తడికాలు నేలమీద ఆన్చి, లేవలేక లేచి, తన తువ్వాలు తీసి ఆమె మీద కప్పాడు.

మర్నాడు సాయంత్రం లూర్దమ్మ ఖననం. చర్చి నిండింది. ఎవరినో తిడుతుండగా చూడడమే తప్ప ఆమెతో కూర్చుని మాట్లాడిన వాళ్లు ఆ జనంలో పదిమంది కూడా లేరు. పెట్టె ఎత్తబోతుంటే చర్చి పెద్ద ఒకాయన, షెడ్డు వాళ్లను చూసి, మర్యాదగానే అన్నాడు: "మీరు ఎనకాల రండి. తొందరేటీ నేదు, మెల్లగా రండి."

"ఎనక్కాదండి," అంది సోఫియా. గొంతు అంత గట్టిగా వస్తుందని ఆమె కూడా అనుకోలేదు. "ముందు ఆలే నడుత్తారు. పెట్టి కూడా ఆలే పడతారు. సాలకపోతే మేం సెయ్యేత్తాం. మీకు దగ్గరగా నడవడం కష్టమయితే ఇక్కడే ఉండండి."

ఆయన ఫాదర్ వైపు చూశాడు. ఫాదర్ పక్కకు జరిగి దారి ఇచ్చాడు. గంగులు పెట్టె ఒక మూల పట్టాడు. కట్టు కట్టని ఎడమకాలితో అతను తూలుతుంటే, జాన్ ప్రసాద్ వచ్చి, ఎవరి మొహమూ చూడకుండా, ఆ మూల కింద తన భుజం పెట్టాడు.

మంగళవారం పొద్దున్న సోఫియా సిస్టర్ల మఠం నుంచి తాళం తెచ్చి షెడ్డు తెరిచింది. సంఘంలోని ఇద్దరు అమ్మాయిలు వెంట వచ్చారు. ఒకతె ముక్కుకు రుమాలు కట్టుకుంది.

"అది తీసీ," అంది సోఫియా. "ఆలు సూత్తారు. కూకో, సెప్తాను."

మోచేయి ముంచి నీళ్లు చూసింది. రెండో అమ్మాయి నేల తుడుస్తూ కిటికీ దగ్గరికి వెళ్లి, "ఈ గ్లాసు ఎవరిదే? కడిగి ఇచ్చీనా?" అంది.

"ఒద్దు. తాతబ్బాయి తీసుకోడు," అంది సోఫియా. "ఉండనీ."

గాజు గ్లాసు నిండా తాగని టీ, మీద కట్టిన మీగడ ఎండి నల్లబడి పగిలింది, అంచు చుట్టూ ఎర్రచీమలు బారులు తీరాయి.