నల్లకళ్ళ తాతగారు

నా కళ్ళద్దాల షాపుకొచ్చే ఆడపిల్లలు అద్దంలో తమ నల్లకళ్ళు చూసుకుని మొహం చిట్లించి, పిల్లికళ్ళ లెన్సులు ఉన్నాయా అని అడుగుతారు. మా అన్నయ్య పుట్టడమే ఆ కళ్ళతో పుట్టాడు. అటు ఆకుపచ్చా కాదు, ఇటు బూడిదా కాదు. ఊళ్ళో డ్రైవింగు నేర్పేవాళ్ళు ఎంతమంది ఉన్నా, పిల్లికళ్ళ మాస్టారంటే చాలు, ఎవరైనా ఇల్లు చూపిస్తారు. నాకూ ఆయనే నేర్పాడు, అందుకే నేను ఇవాళ్టికీ నడిచే తిరుగుతాను. అలాంటి మనిషి ఓ పొద్దున నేను షట్టరు పూర్తిగా ఎత్తకముందే లోపలికి దూరి, నల్లకళ్ళు కావాలంటూ స్టూలు మీద కూర్చున్నాడు.

ఎందుకయ్యా అని అడిగాను. సంచిలోంచి మెత్తటిదేదో తీసి కౌంటరు మీద పరిచాడు. చూసి కెవ్వుమన్నాను. అది ఒక ముసలాయన మొహం. నుదుటి మీద ముడతలు, బుగ్గ మీద మచ్చ, గడ్డం కింద వేలాడే చర్మం, కనుబొమల్లో ఒక్కొక్కటిగా గుచ్చిన తెల్లవెంట్రుకలు. నాటకాల కంపెనీలో మేకప్ చేసే స్నేహితుణ్ణి బతిమాలి తెచ్చుకున్నాడట. తగిలించుకుంటే కన్నతల్లి కూడా పోల్చలేదు, కానీ ఆ రెండు కంతల్లోంచి పిల్లికళ్ళు మెరుస్తుంటే ఇంకేం మారువేషం?

సంగతేమిటంటే, మా మేనకోడలికి బస్సు నడపాలని చిన్నప్పటినుంచీ పిచ్చి. బస్సు లైసెన్సు పరీక్షకి రెండుసార్లు వెళ్ళింది, రెండుసార్లూ తప్పింది. తప్పించింది ఈ మహానుభావుడే. కంచె పట్టుకుని నిలబడి, రెండు చేతులూ ఊపేస్తూ, క్లచ్చు, క్లచ్చు అని గ్రౌండంతా మోగేలా అరిచాడు. ఆ పిల్ల అద్దం చూసుకోవాల్సిన చోట ఈయన్ని చూసింది, వెనక గుర్తుకి పెట్టిన పీపాని గుద్దింది. ఈసారి తెగేసి చెప్పేసింది. నాన్న గ్రౌండు దగ్గర కనబడ్డాడంటే బస్సు దిగిపోతాను, ఇక జన్మలో స్టీరింగు ముట్టుకోను అంది. ఈయన సరేనని మాటిచ్చాడు. ఇంకోసారి తప్పితే ఏడాదిదాకా మళ్ళీ రానివ్వరు. అంతదాకా బస్సు కంపెనీవాళ్ళు ఉద్యోగం పట్టుకుని కూర్చోరు కదా.

మాటిచ్చినవాడివి నోరుమూసుకుని ఇంట్లో కూర్చోరాదా అని కడిగేశాను.

"కూర్చోలేనే," అన్నాడు. "దానికి ఏమవుతుందోనని గోడలు చూస్తూ కూర్చోలేను."

ఆ మాట మెల్లగా అన్నాడు. అన్నయ్య మెల్లగా మాట్లాడడం మా ఇంటావంటా లేదు. నాకు కోపం ఉన్నపళంగా దిగిపోయింది. సరే, కానీ నోరు విప్పకూడదు, చెయ్యి ఊపకూడదు, అమ్మాయి ఎలాగూ నన్ను తోడు రమ్మంది కాబట్టి నా పక్కనే బుద్ధిగా కూర్చోవాలి అని షరతులు పెట్టాను. అన్నిటికీ తల ఊపాడు.

ఇక చూడండి నా అవస్థ. లెన్సు వేలి మీద పెట్టుకుని కంటి దగ్గరికి తీసుకెళ్తే చాలు, రెప్పలు టపటపా కొట్టేసేవాడు. జీవితమంతా జనాన్ని కన్నార్పకుండా రోడ్డు చూడమని తిట్టిన మనిషి! రెప్ప పట్టుకో, పైకి చూడు, కంగారు పడకు, నేనున్నాగా అని ఆయన పాఠాలే ఆయనకి అప్పజెప్పాను. నా తల ప్రాణం తోకకొచ్చింది కానీ, నిజం చెప్పొద్దూ, కాస్త సరదాగానే ఉంది.

మొదట తేనెరంగు వేశాం. కింది పచ్చదనం దాన్లోంచి తొంగిచూసి వానాకాలం గుంటలా తయారైంది. మాస్కు తియ్యి, లెన్సు తియ్యి, ఇంకోటి పెట్టు, మళ్ళీ మాస్కు తొడుగు. ఈసారి కటిక నలుపు. దుకాణాల్లో చీర కట్టి నిలబెట్టే బొమ్మ కళ్ళలా ఉన్నాయి. తర్వాత ముదురు గోధుమరంగులో చుట్టూ నల్లటి అంచున్న జత పెట్టాను, నా షాపులో అన్నిటికన్నా ఎక్కువ పోయేది అదే. మాస్కు వేసుకుని అద్దంలో చూసుకుని అన్నయ్య మురిసిపోయాడు. రెండో పెళ్ళికి బయల్దేరినట్టున్నావు, తియ్యి అన్నాను. నల్లగుడ్డు చుట్టూ ఆ అంచు ఎంత గట్టిగా ఉంటే కంటికి అంత చిన్న వయసు. ముసలివాళ్ళ కళ్ళలో అది చెదిరిపోయి తెల్లగుడ్డులో కలిసిపోతుంది. అటక మీది డబ్బాలన్నీ దింపితే అలాంటి జత ఒకటి దొరికింది. అంచూ లేదు, మెరుపూ లేదు, ఉతికి ఉతికి వెలిసిన నల్లబట్టలా ఉంది. అందంగా లేదని ఎవరూ కొనకుండా వదిలేసిన జత. అది పెట్టి మాస్కు తొడిగేసరికి స్టూలు మీద అన్నయ్య లేడు, ఎవరో తాతగారు కూర్చున్నారు.

సరిగ్గా అప్పుడే పక్క షాపు టైలరమ్మ తన కళ్ళజోడు తీసుకోవడానికి వచ్చింది. తాతగారిని చూసి కొంగు సర్దుకుని, ఊరికి కొత్తా అని పలకరించింది. ఆయన తలూపాడు. అంతే, ఆవిడ కుర్చీ లాక్కుని ఊరి సంగతులన్నీ ఏకరువు పెట్టింది. ఏదైనా చెయ్యండి కానీ, ఇక్కడ పిల్లికళ్ళవాడొకడున్నాడు, వాడి దగ్గర మీ మనవల్ని డ్రైవింగుకి మాత్రం పంపకండి బాబూ, నోరా అది, మురిక్కాలవ అంది. మాస్కు చెవుల కింద మా అన్నయ్య మెడ ఎర్రబడింది. కానీ కిక్కురుమనలేదు. ఇది ఓర్చుకున్నవాడు దేన్నైనా ఓర్చుకుంటాడని నాకు ధైర్యం వచ్చింది.

పరీక్షనాడు గ్రౌండు బయట బెంచీ మీద ఇద్దరం కూర్చున్నాం. మేనకోడలు మొహంలో నెత్తురుచుక్క లేదు. ఈయనెవరత్తా అని అడిగింది. మా షాపుకొచ్చే పెద్దాయన, గొంతు ఆపరేషనైంది, మాట రాదు, గాలి కోసం వచ్చాడు అని నోటికొచ్చింది చెప్పాను. నమస్కారం తాతగారూ అని వంగి, కళ్ళలోకి సూటిగా చూసింది. పోల్చుకోలేదు. నా పనితనానికి నేను పొంగిపోవాల్సింది. కన్నకూతురు పరాయివాణ్ణి చూసినట్టు చూసి వెళ్ళిపోతుంటే, ఎందుకో పొంగలేకపోయాను.

ముందుకి బాగానే నడిపింది. మలుపులూ బాగానే తిప్పింది. వెనక్కి తీసుకెళ్ళి పీపాల మధ్య నిలబెట్టడం దగ్గరకొచ్చింది. సగం వెనక్కి వెళ్ళి, బస్సు ఆగిపోయింది. ఇన్‌స్పెక్టరు గడియారం చూసుకుంటున్నాడు. బస్సు కదలదు. అన్నయ్య రెండు చేతులూ తొడల కింద పెట్టుకుని, వాటి మీద బరువంతా వేసి కూర్చున్నాడు. కుడికాలు, ఎడమకాలు నేలని తొక్కేస్తున్నాయి. నేను మణికట్టు పట్టుకున్నాను. నోరు తెరుస్తాడేమోనని నాకు ప్రాణాలు పోతున్నాయి. ఆయన తెరవలేదు. చివరికి బస్సు గుర్రుమని, అంగుళం అంగుళం వెనక్కి జరిగి, ఏ పీపాకీ తగలకుండా నిలబడింది. ఇన్‌స్పెక్టరు బొటనవేలు పైకెత్తాడు.

పిల్ల పరిగెత్తుకొచ్చి నన్ను వాటేసుకుంది. తర్వాత ఏమనుకుందో, తాతగారి రెండు చేతులూ పట్టుకుంది.

"మధ్యలో ఆపేశాను చూశారా తాతగారూ? కంచె వైపు చూశాను, మా నాన్న ఉన్నాడేమోనని. రావద్దని నేనే చెప్పాను. నిజంగానే రాలేదు. ఏడుపొచ్చేసింది."

మాస్కు లోపల్నించి కూనిరాగంలాంటి చప్పుడొకటి వచ్చింది. గొంతు ఆపరేషనని చెప్పడం మంచిదైంది. ఆఫీసులో ఫోటో, సంతకాలు ఉన్నాయని అమ్మాయి లోపలికెళ్ళింది. ఆ సందులో అన్నయ్యని టాక్సీలోకి తోశాను. వెనక సీట్లో తాతగారు తన మొహం ఊడబీక్కుని ఒళ్ళో పెట్టుకుని భోరుమన్నాడు. అద్దంలో అది చూసిన డ్రైవరు నడిరోడ్డు మీద బ్రేకేశాడు. వాడికి నచ్చజెప్పేసరికి నాకూ ఏడుపూ నవ్వూ కలిసొచ్చాయి.

ఇంటికొచ్చి మాస్కు బీరువాలో పడేసి, అన్నయ్య మొహం కడుక్కుని, పొద్దుట్నించీ కదలనివాడిలా పేపరు పట్టుకుని కుర్చీలో కూర్చున్నాడు. కాసేపటికి అమ్మాయి వచ్చింది. నాన్నా, పాసయ్యాను అంది. ఈయన పేపరు పక్కన పెట్టి, అవునా, ఎప్పుడు, ఎలా అని ఆశ్చర్యం నటిస్తూ లేచాడు. చేతులు చాచి దగ్గరికొచ్చిన పిల్ల అక్కడే ఆగిపోయింది. ఆయన మొహంలోకి చూస్తూ నిలబడింది.

అప్పుడు నేనూ చూశాను. మా అన్నయ్య మొహంలో నేను ఏరికోరి పెట్టిన వెలిసిన నల్లకళ్ళు. పెట్టుకున్నవాడికి తన కళ్ళు తనకి కనబడవు, సరే. పొద్దున లేస్తే జనం కళ్ళే చూసి బతికేదాన్ని, నాకేమైంది? మాటిచ్చి తప్పిన తండ్రిని ఈ పిల్ల ఇక నమ్ముతుందా అనిపించింది.

"అంతసేపూ నా ఎదురుగానే ఉన్నావా?"

అన్నయ్య తల దించుకుని, ఉన్నానన్నట్టు ఊపాడు.

"ఒక్క మాటైనా అనలేదే నాన్నా."

"అందామనే అనిపించింది," అన్నాడు. "నువ్వే తిప్పుకుంటావని ఆగాను."

పిల్ల ఒక అడుగు ముందుకేసింది. తర్వాత తన చున్నీ కొసతో ఆయన బుగ్గలు తుడిచింది, తుడుస్తూ తనూ ఏడ్చింది.

"వచ్చే వారం నా మొదటి ట్రిప్పు. ముందు సీట్లో కూర్చో. నీ మొహంతో, నీ కళ్ళతో రా," అంది. "అరిచావంటే మాత్రం పక్క స్టాపులో దింపేస్తాను."