మూడో కాఫీ తీర్మానం

ఆ సంఘానికి ముగ్గురు అధ్యక్షులు. ముగ్గురూ ఒకేసారి కుర్చీలో కూర్చోరు. ఎనిమిది నెలలు ఒకరు, తరవాత ఎనిమిది నెలలు ఇంకొకరు, ఆ తరవాత మూడోవాళ్లు. మూడు జాతులకీ కలిపి బోస్నియా దేశానికే ముగ్గురు అధ్యక్షులుండగా మనకి ఒక్కడే ఉంటే ఏం మర్యాదగా ఉంటుందని మొదట్లో ఎవరో అన్నారు. సారాయెవో విశ్వవిద్యాలయంలో మానవహక్కుల, అంతర్జాతీయ దౌత్య విద్యార్థి సంఘం అలా పుట్టింది. పుట్టి నాలుగేళ్లయింది. ప్రపంచంలో ఉన్న తగాదాలన్నీ అందులో చర్చకొచ్చాయి. తీర్మానం మాత్రం ఒక్కటీ కాలేదు.

ముగ్గురూ సరే అంటేనే సరే. ఒక్కరు కాదన్నా కాదు. కిటికీ తెరవాలని ఒకరంటే, తెరిస్తే గాలి కొట్టి మెడలు పట్టేస్తాయని ఇంకొకరు, తెరిచేట్టయితే ఏ కిటికీ ముందో తేల్చమని మూడోవాళ్లు. మిగతా సభ్యులు విసుగెత్తి రావడం మానుకున్నారు. ఆఖరికి ఆ గదిలో ముగ్గురు అధ్యక్షులూ, ఒక బల్లా మిగిలారు. నెర్మా, ఓగ్నెన్, వెద్రాన్.

ఇప్పుడు ఆ గదికే ఎసరొచ్చింది. దాన్ని జానపద నృత్య బృందానికి ఇచ్చేస్తానని డీన్ చెప్పేశాడు. "వాళ్లు కనీసం ఏ కాలు ముందు వెయ్యాలో ఒప్పుకుంటారు," అన్నాడు. ఎంతో బతిమాలితే ఆఖరికి కాస్త దిగొచ్చి, విద్యార్థి సంఘాలకు సాయం చేసే సంస్థ నుంచి నార్వే మనిషి ఒకాయన వస్తున్నాడని, మీరు ఏదో ఒకదాని మీద ఒప్పుకోవడం ఆయన కళ్లారా చూస్తే గది మీకే ఉంచుతానని మాటిచ్చాడు.

మిగిలిన ఇద్దరికీ అది గది. నెర్మాకి అంతకంటే ఎక్కువ. ఆమె పుట్టింది బోస్నియా మధ్యలో, కొండల నడుమ ఒక చిన్న ఊళ్లో. అక్కడ బడి కప్పు ఒకటే గాని కప్పు కింద బళ్లు రెండు. ఒక జాతి పిల్లలు ఒక వాకిట్లోంచి, ఇంకో జాతి పిల్లలు ఇంకో వాకిట్లోంచి వెళ్లేవారు. ఆటస్థలం మధ్యన తీగ కంచె. ఆ కంచె సందులోంచి నెర్మా ఒక పిల్లకి రోజూ సగం రొట్టెముక్క అందించేది. ఆ పిల్ల పేరు అడిగేలోపే గంట కొట్టేవారు. రెండు బళ్లకీ గంటలు కూడా వేరు. అవతలి పక్కవాళ్లతో ఒకే బల్ల దగ్గర కూర్చోవడం నెర్మాకి ఈ గదిలోనే మొదటిసారి. కూర్చుని పోట్లాడుకుంటున్నారు, నిజమే. కానీ కూర్చున్నారు.

అందుకే ఆమె ఏడాది కిందట ఒక తీర్మానం రాసింది. ఒక కప్పు కింద చదివే పిల్లలందరినీ ఒకే తరగతి గదిలో కూర్చోబెట్టాలి, అంతే. దాన్ని ఎవరూ కాదనలేదు. కింద సంతకం ముందు ఎవరు పెట్టాలన్న దగ్గర ఆగిపోయింది. ఏడాదిగా అక్కడే ఆగి ఉంది.

నార్వే ఆయన వచ్చిన రోజుకి కాలేజీ గదుల్ని వెచ్చబెట్టే బాయిలరు చచ్చిపోయింది. జనవరి మంచు. గదిలో మాట్లాడితే నోటిలోంచి పొగ. చేసేది లేక నెర్మా ఆయన్నీ, మిగతా ఇద్దరినీ తను ఉంటున్న మేనత్త హైరియా ఇంటికి తీసుకొచ్చింది. గుమ్మంలో బూట్లు విప్పించి, చెప్పులిచ్చి, సోఫాలో కూర్చోబెట్టారు.

ఆయన పేరు సిగ్వార్డ్. పొడుగ్గా, ఎర్రగా, మర్యాదకి మారుపేరులా ఉన్నాడు. ఈ దేశపు భాషని జాతికొకరు చొప్పున ముగ్గురు గురువుల దగ్గర నేర్చుకున్నాడట. ఎవరి మనసూ నొచ్చుకోకూడదని ప్రతి ముఖ్యమైన మాటా మూడు రకాలుగా అనేవాడు.

"కాహ్వా, కాఫా, కావా ఏదైనా దొరుకుతుందా అమ్మా?" అని అడిగాడు హైరియాని.

"మూడూ ఒకే గిన్నెలో కాగుతాయి నాయనా, కూర్చో," అంది హైరియా.

మొదటి కాఫీ వచ్చింది. పిడి పొడుగ్గా ఉన్న రాగి గిన్నె, పిడి లేని చిన్న కప్పులు, పక్కన చక్కెర పలుకులు. చలి గురించీ, విమానం గురించీ మాట్లాడుకున్నారు. తరవాత వంకాయ రంగు పట్టుబట్ట కప్పిన బల్ల మీద నెర్మా తన తీర్మానం పరిచింది. రెండో కాఫీ వచ్చింది. పోట్లాట మొదలైంది.

"పేర్లు ఒకదాని కింద ఒకటి రాద్దాం," అంది నెర్మా.

"పైన ఎవరిది?" అన్నాడు ఓగ్నెన్.

"పోనీ పక్కపక్కన."

"ఎడమ పక్క ఎవరిది?" అన్నాడు వెద్రాన్.

"గుండ్రంగా రాసి చావండి మరి!"

సిగ్వార్డ్ ఆశగా ముందుకి వంగాడు.

"గుండ్రమైతే మాత్రం?" అన్నాడు వెద్రాన్. "గడియారంలో పన్నెండు ఉండే చోటు పైచోటు కాదా? అక్కడెవరు?"

"గుండ్రానికి పైచోటేంట్రా, తలకాయ ఉందా నీకు?"

"లేకపోతే నువ్వు వేలు అక్కడే ఎందుకు పెట్టావ్?"

ఓగ్నెన్ వేలు చటుక్కున తీసేసుకున్నాడు. "కాగితాన్ని ఎనిమిది నెలలకోసారి తిప్పుదాం," అన్నాడు కాస్త ఆలోచించి.

"ముందు ఎటు తిప్పాలి? కుడికా, ఎడమకా?"

మధ్యలో తినడానికి పెట్టిన పొరల రొట్టె మీద కూడా గొడవే. మోస్తార్ ఊరి నుంచి వచ్చిన వెద్రాన్ "ఈ జున్ను బురెక్ బాగుంది" అన్నాడు. వంటింట్లోంచి హైరియా తల బయటపెట్టి, "బురెక్ అంటే మాంసంతో చేసేది. జున్నుతో చేసింది బురెక్ కాదు. ఇంకోసారి అన్నావంటే పళ్లెం తీసేస్తా," అంది. సిగ్వార్డ్ ఇదీ చర్చలో భాగమే అనుకుని ముగ్గురి మొహాలూ మార్చిమార్చి చూశాడు.

అలా కిటికీలో వెలుతురు తగ్గింది. హైరియా ఒకటి రెండుసార్లు గోడ గడియారం వంక చూసింది. మోకాళ్లు రుద్దుకుంది. రోజూ చూసే తుర్కీ సీరియల్లో కథానాయికకి పోయిన జ్ఞాపకం ఇవాళే తిరిగి రావలసి ఉంది. ఇక ఊరుకుంటే లాభం లేదని లేచి, మూడో కాఫీ తెచ్చింది.

ఆ ఇంట్లోనే కాదు, ఆ దేశంలో ఏ గడపలోనైనా మొదటి కాఫీ రమ్మని, రెండోది మాట్లాడుకోమని, మూడోది ఇక లేవమని. నోటితో ఎవరూ అనరు. పల్చగా కాచి, ట్రేలో పెట్టి, నవ్వుతూ తెస్తారు. ఆ ట్రే గుమ్మం దాటిందో లేదో, నెర్మా, ఓగ్నెన్, వెద్రాన్ ముగ్గురూ ఒక్క గుక్కలో కప్పులు ఖాళీ చేసి ఒక్కసారే లేచి నిలబడ్డారు. నాలుగేళ్లలో ముగ్గురూ కలిసి చేసిన మొదటి పని అదే.

సిగ్వార్డ్ లేవలేదు. "అబ్బ, ఇది ఇంకా బాగుంది," అన్నాడు.

చచ్చింది గొర్రె అనుకుంది నెర్మా. తీసుకొచ్చిన అతిథిని వదిలేసి పోతే పరువు తక్కువ. మూడోది తాగాక మళ్లీ కూర్చుంటే అంతకంటే తక్కువ. ముగ్గురూ సోఫా చుట్టూ కొయ్యల్లా నిలబడిపోయారు.

"ఏం, కూర్చోరేం?" అన్నాడు సిగ్వార్డ్.

"కాళ్లు తిమ్మిరెక్కాయండీ," అన్నాడు ఓగ్నెన్.

అతిథి కప్పు ఖాళీగా ఉంటే చూసి ఊరుకోలేని మనిషి హైరియా. పోసింది. పోసినదాన్ని వదిలేస్తే ఇంటావిడ నొచ్చుకుంటుందని వాళ్ల ఊళ్లో నేర్పారేమో, ఆయన తాగేశాడు. ఆవిడ మళ్లీ పోసింది. ఆయన మళ్లీ తాగాడు. ఆవిడ మొహంలో నవ్వు చెదరలేదు గాని, గిన్నె పట్టుకున్న చెయ్యి బిగుసుకుంది. కాఫీ ఒంటికెక్కి ఆయన మోకాలు ఒకటి తనంతట తనే ఎగరడం మొదలెట్టింది.

"మంచినీళ్లు తాగొస్తాం," అని ముగ్గురూ వంటింట్లోకి దూరి తలుపు దగ్గరికేసుకున్నారు.

"నువ్వే చెప్పు, ఇల్లు మీది," అన్నాడు ఓగ్నెన్.

"మాది కాబట్టే నేను చెప్పకూడదురా. ఇంటికొచ్చిన మనిషిని పొమ్మన్న పిల్ల అని నా మనవలదాకా పేరుండిపోతుంది. వెద్రాన్, ఈ ఎనిమిది నెలలూ కుర్చీ నీది. వెళ్లి చెప్పు."

"కుర్చీ పేరుకేనే తల్లీ. అధికారం ముగ్గురిదీ సమానం అని మొన్న గంటసేపు నా బుర్ర తిన్నది నువ్వే కదా?"

"చూడండి," అన్నాడు ఓగ్నెన్ గొంతు తగ్గించి. "మనిషి చెప్తే అమర్యాద. సంఘం చెప్తే దౌత్యం. తీర్మానం చేద్దాం."

నెర్మా బల్ల మీంచి పట్టుకొచ్చిన తన తీర్మానాన్ని పిండి డబ్బా మీద పెట్టి, దాని పైన ఒక తెల్లకాగితం పెట్టింది. ఓగ్నెన్ చెబుతుంటే రాసింది. "గౌరవనీయ అతిథి రాకకు హర్షం వ్యక్తం చేస్తూ, హైరియా గారి మోకాళ్ల పరిస్థితిపై తీవ్ర ఆందోళన చెందుతూ, ఒక కథానాయికకు ఈ రోజే జ్ఞాపకం రానున్న సంగతిని దృష్టిలో ఉంచుకుని, తన బూట్లు తాను తొడుక్కునేందుకు అతిథికి గల హక్కును ఈ సభ పూర్తిగా గుర్తిస్తోంది. ఆ హక్కును వెంటనే వినియోగించుకోవలసిందిగా కోరుతోంది."

"'వెంటనే' మరీ మొహం మీద కొట్టినట్టుంది," అన్నాడు వెద్రాన్. "'వీలు చూసుకుని' అని పెట్టు."

"వీలు చూసుకుంటే రేపటిదాకా తాగుతాడు."

"'సాధ్యమైనంత త్వరగా'?"

"సరే," అంది నెర్మా.

"సరే," అన్నాడు ఓగ్నెన్.

"సరే," అన్నాడు వెద్రాన్.

మూడు 'సరే'లు వరసగా వినపడేసరికి ముగ్గురూ ఉలిక్కిపడి ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు.

"సంతకం ముందు నువ్వు పెట్టు," అన్నాడు ఓగ్నెన్ వెద్రాన్‌తో.

"నేనెందుకు? నా పేరు కింద రాయి. అన్నిటికన్నా కింద."

"కింద నాది. పెద్దవాణ్ణి నేను."

"ఇన్నాళ్లూ పైనే కావాలని చంపుకు తిన్నది ఎవర్రా?" అంది నెర్మా.

"అతిథిని గెంటే కాగితం మీద మొదటి పేరు నాదయితే, మా అమ్మకి తెలిస్తే చెప్పు తీసుకుంటుందే!"

నెర్మా కాఫీ కప్పు ఒకటి తీసి కాగితం మీద బోర్లించి, చుట్టూ గీత గీసింది. "ఈ గీత మీద రాయండి. ఎవరు మొదలెట్టారో పైనున్నవాడికి కూడా తెలీదు."

ఇద్దరూ ఆత్రంగా కలం లాక్కున్నారు. పన్నెండు ఉండే చోటు ఎవరూ ముట్టుకోలేదు. దాన్ని తప్పించుకుంటూ ముగ్గురూ ఎక్కడెక్కడో ఇరుకున సంతకాలు చేశారు.

ఆ సంతకాల సిరా ఇంకా ఆరలేదు. నెర్మా ఆ కాగితం కింద నుంచి రెండోది లాగింది. అదే కప్పు బోర్లించి అదే గీత గీసింది. "ఇదీ పెట్టండి."

"ఇదేంటి?"

"పొద్దుట్నించీ కొట్టుకున్నదే. పిల్లల బడి."

వెద్రాన్ కలం గాలిలో ఆగింది. "ఇందులో పైన..."

ముందు గదిలోంచి సీరియల్ పాట మొదలయింది. వెంటనే హైరియా దగ్గు. ఆ దగ్గులో జలుబు లేదు.

"పైన ఏముందిరా?" అంది నెర్మా. "నువ్వు చెప్పు. ఏముంది?"

వెద్రాన్ తలుపు వంక చూశాడు, కాగితం వంక చూశాడు. సంతకం పెట్టేశాడు. ఓగ్నెన్ చదవకుండానే పెట్టాడు. చివర నెర్మా పెట్టింది. తన పేరు ఎక్కడ పడిందో చూసుకోలేదు.

బయటికొచ్చి నెర్మా మొదటి తీర్మానం చదువుతుంటే సిగ్వార్డ్ లేచి నిలబడి విన్నాడు. "ఏకగ్రీవమా? ముగ్గురూనా? అందరూనా?" అని మూడు రకాలుగా అడిగాడు. కాగితాన్ని గుండ్రంగా తిప్పి చూసి, ఎవరు మొదలో తెలుసుకోలేక తల ఊపాడు. తరవాత రెండోది చదివాడు. అయిపోయాక మళ్లీ మొదటినుంచి చదివాడు.

"దీనికి ఎంతకాలం పట్టింది?"

"ఏడాది," అంది నెర్మా.

"నన్ను పంపెయ్యడానికి?"

"ఒక గ్లాసు మంచినీళ్లు తాగేంత," అన్నాడు ఓగ్నెన్.

"గది మీదే," అన్నాడు సిగ్వార్డ్. "డీన్‌కి ఇప్పుడే ఫోన్ చేస్తాను." ఏ మాత్రం చిన్నబుచ్చుకోకుండా గుమ్మంలోకి నడిచి, తీర్మానం ప్రకారం ఒక బూటు తొడుక్కున్నాడు. రెండోది తొడుక్కునేలోపు హైరియా వచ్చింది.

"ఎందుకే ఆయన బూట్లేస్తున్నాడు? ఆ కాగితంలో ఏం రాశారు?"

నెర్మా చెప్పింది. హైరియా చెంపలు పట్టుకుంది.

"ఇంటికొచ్చిన మనిషిని పొమ్మని కాగితం రాస్తారా? నా ఇంట్లో? నా మోకాళ్ల పేరు చెప్పి?"

"నువ్వే కదత్తా మూడో కాఫీ..."

"కాఫీ నేను పోస్తానే. పోస్తే పోశాను! దాన్ని రాతలో పెడతారా ఎవరైనా, సిగ్గులేని సంత!" అని సిగ్వార్డ్ చెయ్యి పట్టుకుని లోపలికి లాక్కుపోయింది. "నువ్వు రా నాయనా. ఆ పిల్లకి జ్ఞాపకం రావడం చూద్దువుగాని. ఇప్పుడే మళ్లీ మొదటిది పెడతాను."

వీళ్లు ముగ్గురూ కూడా వెనకే వెళ్లబోయారు.

"మీరెక్కడికి?" అంది హైరియా. "మీకు మూడోది అయిపోయిందిగా. పదండి."

తలుపు మూసుకుంది.

వీధిలో మంచు ఆగకుండా పడుతోంది. పై అంతస్తు కిటికీలో సిగ్వార్డ్ కనిపించాడు. ఒక కాలికి బూటు, ఒక కాలికి చెప్పు. చేతిలో కప్పు. ఫోన్ చెవి దగ్గర పెట్టుకుని, వీళ్లకి బొటనవేలు ఎత్తి చూపిస్తున్నాడు. వెనక నుంచి హైరియా చెయ్యి వచ్చి, గాలి కొడుతుందని కిటికీ లాగి మూసేసింది.

ట్రాము కోసం నిలబడ్డారు. "ఏదీ, ఆ రెండోది ఇలా ఇవ్వు," అన్నాడు ఓగ్నెన్. "హడావుడిలో చూళ్లేదు. నా పేరు ఎక్కడ పడింది?"

"నాదీ," అన్నాడు వెద్రాన్.

ఇద్దరూ కాగితం మీదికి వంగారు. ఒకడు కుడికి తిప్పాడు. ఇంకొకడు ఎడమకి తిప్పాడు. "ఇలా పట్టుకుంటే నువ్వు పైన." "ఇలా పట్టుకుంటే నువ్వు." "అసలు ఇలా ఎందుకు పట్టుకున్నావ్?" గొంతులు లేస్తున్నాయి.

నెర్మా వాళ్ల మధ్యలోంచి కాగితం లాక్కుని, మంచు పడకుండా నాలుగు మడతలు పెట్టి, కోటు లోపలి జేబులో దోపుకుంది. ట్రాము వచ్చింది. ముందు ఎవరెక్కాలో తేలక ముగ్గురూ ఒక్కసారే తలుపులో ఇరుక్కున్నారు.